తలకిందులైన ఇంటర్వ్యూ

ఆ ఆదివారం పొద్దున వాసుదేవ్ పెట్టుకున్న పని ఒక్కటే: భార్య ఇంటర్వ్యూకి ఇంట్లో కంప్యూటర్‌ను సిద్ధం చేయడం. సౌభాగ్యలక్ష్మి చదువుకున్న చదువంతా ఇన్నాళ్లూ శక్తినగర్ క్వార్టర్సులో పిల్లల హోంవర్కులకే సరిపోయింది. ఇప్పుడు బెంగళూరు పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పే సంస్థ ఒకటి ఆమెను పదకొండింటికి వీడియో కాల్‌లోకి రమ్మంది. తెర మీద వచ్చే పాఠం చదివి వినిపించాలట. ముందురోజు నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

"అక్షరాలు సన్నగున్నయ్ గానీ, అద్దాలు పెట్టుకుంట. ఉండనీయండి," అందామె.

వాసుదేవ్ ఉండనివ్వలేదు. థర్మల్ విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూమ్‌లో గోడంత ప్యానెళ్లను చూసుకునే మనిషి ఈ జానెడు తెరకు లొంగుతాడా? డిస్‌ప్లే సెట్టింగులు తెరిచి సైజును పెంచగలిగినంత పెంచాడు. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత అయి కూర్చుంది. తగ్గిద్దామంటే తగ్గించే బటన్ తెర దాటి ఎక్కడికో పోయింది. చిర్రెత్తి కీబోర్డు మీద దొరికిన మీటలన్నీ కలిపి నొక్కాడు. దాంతో బొమ్మ మొత్తం తలకిందులైంది.

ఇక మౌసును ఎడమకు జరిపితే బాణం గుర్తు కుడికి పరిగెత్తింది. కనిపించిన చోటల్లా నొక్కుతుంటే ఏదో టింగుమని మోగింది. అదేమిటో చూసే ఓపిక అతనికి లేదు.

తీసుకెళ్లిన నిచ్చెన తిరిగి ఇవ్వడానికి పక్కింటి జంబన్న అప్పుడే వచ్చాడు. కంపెనీ బస్సు డ్రైవరు. తెరను కాసేపు మెడ వంచి చూశాడు.

"బొమ్మ తిరగకుంటే డబ్బానే తిరగేస్తే అయిపాయె గద సార్," అన్నాడు.

వాసుదేవ్‌కు ఒళ్లు మండింది గానీ వేరే దారి లేదు. ఇద్దరూ కలిసి మానిటర్‌ను ఎత్తి, తిరగేసి, బియ్యం డబ్బాకు ఆనించారు. మానిటర్ కాలు పైకి లేచింది, నెత్తిన ఉన్న కెమెరా కిందికొచ్చింది, అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ గుమ్మడికాయలు గుమ్మడికాయలుగానే ఉన్నాయి. వాసుదేవ్ మళ్లీ సెట్టింగుల్లోకి దూరి ఏదో నొక్కితే, ఈసారి లోపలి బొమ్మ తిన్నగా అయింది. బయట మానిటర్ తిరగేసే ఉంది కనుక అంతా మళ్లీ తలకిందులు.

"మళ్ల తిరగేద్దమా సార్?" అన్నాడు జంబన్న.

ఆ ఉదయం అందరూ అన్న మాటల్లో సరైనది అదొక్కటే.

"ఎవ్వరు ఏం ముట్టకుండ్రి," అన్నాడు వాసుదేవ్ పళ్లు కొరుకుతూ.

సౌభాగ్యలక్ష్మి కుర్చీ లాక్కుని భర్త పక్కన కూర్చుంది. గొంతు పెంచలేదు.

"ముందుగాల చేయి తియ్యండి. ఇప్పుడు మెల్లగ కిందికి జరపండి. అది పైకి పోతది, పోనీయండి. అగో, ఆ సైజు అన్నది నొక్కండి."

"నొక్కిన."

"దాని పక్కది నొక్కిన్రు. ఏం గాదు, మళ్ల మొదటికెళ్లి చేద్దాం."

మొదటినుంచి ఎన్నిసార్లు చేశారో లెక్కలేదు. చివరికి అక్షరాలు మామూలు సైజుకు దిగాయి. ఆమె సైగ చేస్తే జంబన్న మానిటర్‌ను తిన్నగా నిలబెట్టాడు. సెట్టింగుల పెట్టె మూయగానే, దాని వెనక నుంచి ఇద్దరు మనుషులు వీళ్లనే చూస్తూ కనిపించారు. ఇందాక టింగుమన్నది ఇంటర్వ్యూ కాలే; ఎక్కడో నొక్కి వాసుదేవే దాన్ని ఎత్తాడు. పదకొండు ఎప్పుడో దాటింది.

వాసుదేవ్‌కు బల్ల కింద దూరాలనిపించింది. సౌభాగ్యలక్ష్మి చేతులు జోడించింది.

"ఇంతసేపూ తలకిందులుగా కనిపించారు మేడమ్," అంది తెరలోని ఆవిడ. "పిలుద్దామనుకున్నాం గానీ, పాఠం మధ్యలో ఆపబుద్ధి కాలేదు. మా దగ్గర చెప్పిన మాట వినని పిల్లలే ఎక్కువ. ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్లు దొరకడం లేదు. సోమవారం నుంచి చేరతారా?"

ఆ సాయంత్రం వాసుదేవ్ మిఠాయి పంచుతూ, తాను పూనుకోకపోతే ఆమెకు ఈ ఉద్యోగం వచ్చేదే కాదని క్వార్టర్సంతా చెప్పుకొచ్చాడు. అందులో అబద్ధమేమీ లేదు.