ఏడుపుకు ఇరవై మార్కులు

దుఃఖం కూడా ఒక కార్యక్రమమే. వేదిక, వెలుతురు, వేళ కుదిరితే అందులో ఎవరైనా ఫస్టుక్లాసులో పాసు కావచ్చు!

ఈ మహావాక్యం నాది కాదు. సముద్రం దాటి వెళ్ళి ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదువుతున్న నా మేనల్లుడిది. ఇలాంటి వాక్యం పుట్టాలంటే విదేశాల్లోనే చదవాలి. నేను మా ఊరి బడిలో చదివాను. అక్కడ ఏడిస్తే పంతులు ఇంకొకటి తగిలించేవాడు.

వాణ్ణి చిన్నప్పుడు మా ఆవిడ 'హడావుడి' అని పిలిచేది. వాడు బడికి బయల్దేరితే వీధంతటికీ తెలిసేది. వెళ్ళాక చూస్తే పుస్తకాల సంచి ఇంట్లోనే ఉండేది. అప్పుడది తిట్టు. ఇప్పుడు డిగ్రీ!

వాడి కోర్సు పేరు మా చెల్లెలు గుక్కతిప్పుకోకుండా నలుగురికీ చెప్పుకునేది. "అంటే పెళ్ళిళ్ళకు షామియానాలు వేయడమేగా?" అని ఒకసారి అడిగాను. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. ఆ ఆర్నెల్లూ నాకు ప్రశాంతంగా గడిచాయి. షామియానా వేసేవాడికి వీసా అక్కర్లేదన్నది ఇప్పటికీ నా అభిప్రాయం.

అలాంటి చెల్లెలు ఒకరోజు రొప్పుతూ వచ్చింది.

"అన్నయ్యా, నీ మేనల్లుడు నీకు విమానం టికెట్ పంపాడు!"

"ఎందుకు?"

"ఎందుకేమిటి! ప్రేమ!"

"ఉన్నట్టుండి?"

"వదిన పోయాక ఒంటరివాడివైపోయావని ఒకటే బెంగ పెట్టుకున్నాడు, పిచ్చి సన్నాసి."

మా ఆవిడ పోయి మూడేళ్ళు. పోయిన రోజు ఈ పిచ్చి సన్నాసి రాలేదు. అప్పటికింకా సముద్రం దాటలేదు. పక్క ఊళ్ళోనే ఉన్నాడు. ఎవరిదో పుట్టినరోజుకు బెలూన్లు ఊదుతున్నాడు. ఫోన్లో ఒక పువ్వు బొమ్మ పంపాడు. దాని పక్కన జోడించిన చేతుల బొమ్మ. నేను మర్చిపోలేదు. మర్చిపోయే అలవాటు నాకు లేదు.

అయినా వెళ్ళాను. మూడేళ్ళు ఆలస్యంగా పుట్టిన బెంగ ఎలా ఉంటుందో చూద్దామని.

విమానాశ్రయంలో వాడు నా కాళ్ళమీద పడ్డాడు. లేవదీశాను. మళ్ళీ పడ్డాడు.

"ఇదేంట్రా?"

"మొదటిది వీడియోలో సరిగ్గా రాలేదు మామయ్యా. వెలుతురు నీ వెనక ఉంది. ఇటు తిరిగి నిలబడు."

సామాన్ల బండి పక్కన ఒక పిల్ల కెమెరా పట్టుకుని ఉంది. వాడి క్లాసే. మన భాషే. వాడి కార్యక్రమాలకు లైట్లూ, కెమెరాలూ, తెరలూ ఆమె చూస్తుందట. పేరు చెప్పింది గానీ నాకు లైట్లమ్మాయిగానే గుర్తుండిపోయింది.

"ప్రయాణం బాగా జరిగిందా అంకుల్?"

"అంకుల్ అంటే నాకు ఒళ్ళు మంట."

"సరే బాబాయిగారూ."

పిల్ల చురుకైనదే.

వాడి గదిలో మంచం ఎక్కితేగానీ తలుపు మూతపడదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తను కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. అసలు సంగతి అప్పుడు చెప్పాడు.

ఫైనల్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. ఒక్కో విద్యార్థీ ఒక్కో నిజమైన కార్యక్రమం జరిపించాలి. చీటీలు వేశారు. ఒకడికి పెళ్ళి వచ్చింది. ఒకామెకు దుకాణం ప్రారంభోత్సవం వచ్చింది. వీడికి సంతాపసభ వచ్చింది. నిబంధన ఏమిటంటే, మనిషి నిజంగా పోయి ఉండాలి. పోయిన మనిషి తాలూకు దగ్గరి బంధువు సభలో ఉండాలి.

"ఇక్కడి పిల్లలకేం మామయ్యా! వాళ్ళ తాతలు ఇక్కడే పోయారు. బస్సెక్కితే చాలు, అవ్వలు దొరుకుతారు. పరాయి దేశం నుంచి వచ్చినవాడి పరిస్థితి ఆలోచించు. నాకు ఈ దేశంలో పోయినవాళ్ళంటూ ఒక్కరు లేరు!"

అందుకని దిగుమతి చేసుకున్నాడు. నన్ను.

"పరీక్ష తప్పితే?"

"వీసా పొడిగించరు. పెట్టె సర్దుకోవడమే."

ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం వాడి గొంతులో హడావుడి లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

"నేనేం చేయాలి?"

"నీలం లైటు పడగానే ఏడవాలి. ఏడుపుకు ఇరవై మార్కులు."

"నాకు ఏడుపు రాదు."

"ప్లాన్ ఉంది మామయ్యా! రిహార్సల్ చేద్దాం!"

అక్కడున్నన్నాళ్ళూ మంచినీళ్ళు అనే మాట కన్నా ఈ రెండు మాటలే ఎక్కువగా విన్నాను. పళ్ళు తోముకోవడానికి ప్లాన్. తలుపు తీయడానికి రిహార్సల్.

"ఏడ్చాక నీకు మైకిస్తా. అత్తయ్య గురించి నాలుగు ముక్కలు చెప్పు. నేను వాళ్ళ భాషలోకి మారుస్తా."

సరేనన్నాను. ఊళ్ళో నన్ను ఎవరూ దేనికీ పిలవరు. పెళ్ళికి వెళ్ళి, జంట బాగుందని మాటవరసకైనా అనను, బాగుంటే తప్ప. మొహమాటానికి ఒక్క అబద్ధం ఆడి ఎరగను. మూడేళ్ళుగా నా నోట్లో ఒక మాట నానుతోంది. దానికిప్పుడు మైకు దొరికింది!

రిహార్సల్‌కు ఏడ్చేవాళ్ళు వచ్చారు. అంతా వాడి క్లాసువాళ్ళే. తలా ఒక దేశం. నా పెళ్ళిలో నువ్వు గంతులేస్తే నీ సంతాపంలో నేను ఏడుస్తానని ఇచ్చిపుచ్చుకోవడాలు. గంతులు బాకీపడ్డ ఒక పొడుగువాడు ఎంత బాగా ఏడ్చాడంటే, నేనే వెళ్ళి వీపు నిమిరాను. మా ఆవిడ ఇతనికెలా తెలుసని అడిగించాను. తెలియదట. అసలు పోయింది ఆడో మగో కూడా తెలియదట!

"తెలియకపోతేనే మామయ్యా, శ్రద్ధగా ఏడవగలరు" అన్నాడు హడావుడి.

అదీ నిజమే. తెలిసినవాళ్ళు బెలూన్లు ఊదుతారు.

తర్వాత తెర మీద ఫోటో వేశారు. పసిమి ఛాయ. మెడలో ముత్యాలు. పళ్ళన్నీ కనబడే నవ్వు.

"ఎవర్రా ఈవిడ?"

"అత్తయ్య!"

"ఏ అత్తయ్య?"

"మన అత్తయ్యే! కొంచెం బాగుచేశాను. అసలు ఫోటోలో మొహం చిట్లించుకుని ఉంది కదా. చెంప మీద ఆ మచ్చొకటి. తెర మీద గోడంత పడుతుంది మామయ్యా. మార్కులు పోతాయి."

"ఈవిడెవరో నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి. పోయింది మాత్రం మీ అత్తయ్య."

లైట్లమ్మాయి కిసుక్కుమంది. హడావుడి ఆమెను కసిరాడు. నా చొక్కా జేబులో అసలు ఫోటో ఉంది. మూడేళ్ళుగా అక్కడే ఉంది. అప్పుడు తీయలేదు.

సభరోజు వచ్చింది. తెల్లపూలు, మెత్తటి కుర్చీలు, వెనక బల్ల మీద కాఫీ, బిస్కెట్లు. మొదటి వరస చివర మార్కులు వేసే మేడమ్ కూర్చుంది. మొహంలో ఏ భావమూ లేదు. పోయింది నా భార్యా, ఆవిడ భర్తా అని ఎవరైనా అనుమానపడతారు.

నీలం లైటు పడింది. ఎక్కడినుంచో వయొలిన్ మూలిగింది. వరసలన్నీ ఒక్కసారి భోరుమన్నాయి. నా కళ్ళు ఎండాకాలం చెరువుల్లా ఉన్నాయి. తెర చాటు నుంచి హడావుడి తన కళ్ళు నలుపుకుంటూ నాకు సైగలు చేశాడు. పూల ఘాటుకు నేను తుమ్మాను. అది సంకేతమనుకుని పొడుగువాడు ఇంకో స్థాయికి వెళ్ళాడు!

మైకు నా చేతికొచ్చింది. ఇంకో మైకుతో హడావుడి పక్కన నిలబడ్డాడు. వాడు మార్చి చెప్పిందాన్ని లైట్లమ్మాయి తిరిగి నా చెవిలో వేసింది.

"నాకు సభల్లో మాట్లాడటం చిరాకు" అన్నాను.

"దుఃఖంతో గొంతు పూడుకుపోయింది అంటున్నాడు బాబాయిగారూ."

"పోయాక పూలు తెచ్చేవాళ్ళు, ఉన్నప్పుడు ఒకసారి వచ్చిపోతే బాగుండునని మా ఆవిడ అనేది."

"అత్తయ్యకు పూలంటే ప్రాణం అంటున్నాడు."

"ఆవిడ పోయిన రోజు ఈ మేనల్లుడు పక్క ఊళ్ళో బెలూన్లు ఊదుతున్నాడు. కడసారి చూడ్డానికి కూడా రాలేదు."

హడావుడి మైకు చెయ్యి మార్చుకున్నాడు. తర్వాత అందుకున్నాడు.

"ఆ రోజు మేనల్లుడికి ఊపిరి ఆడలేదు అంటున్నాడు."

మేడమ్ తలాడించి ఏదో రాసుకుంది.

నేను జేబులోంచి ఫోటో తీసి లైట్లమ్మాయి చేతిలో పెట్టాను. "దీన్ని తెర మీద వెయ్యమ్మా."

ఆ పిల్ల వాడి వైపు చూసింది. నా వైపు చూసింది. ఫోటోను తీసుకెళ్ళి కెమెరా కింద పెట్టింది.

ముత్యాలావిడ మాయమైంది. మా ఆవిడ వచ్చింది. గోడంత. మొహం చిట్లించుకుని. ఏడ్చేవాళ్ళు హడలిపోయి ఆపేశారు.

"ఆ మచ్చ చూడండి" అన్నాను. "వీడు మా ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు వీడికి ఆటలమ్మ పోసింది. మా చెల్లెలు భయపడి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. మా ఆవిడ వీణ్ణి వదల్లేదు. గోక్కుంటే మచ్చలు పడతాయని వీడి రెండు చేతులూ పట్టుకుని కూర్చునేది. వీడికి తగ్గింది. ఆవిడకు పోసింది. వీడి మొహం చూడండి, ఒక్క మచ్చ లేదు. ఆవిడకు ఆ ఒక్కటి మిగిలింది. దాన్ని మొన్న వీడు చెరిపేశాడు. మార్కులు పోతాయని."

రెండో మైకు పలకలేదు.

"ఏమంటున్నాడమ్మా?"

"ఏమీ అనడం లేదు బాబాయిగారూ."

వాడు తెర వైపు తిరిగి ఉన్నాడు. చెయ్యి తన చెంప మీద ఉంది. "అత్తా" అన్నాడు. ఆ తర్వాత వచ్చింది మాట కాదు. ముక్కు కారింది. భుజాలు ఎగిరాయి. మైకు ఆపడం మర్చిపోయాడు. హాలంతా వాడి ఎక్కిళ్ళే. పొడుగువాడు తన రుమాలు ఇవ్వబోయి, దానికి కళ్ళు మండే మందు రాసుకున్న సంగతి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

మేడమ్ లేచింది. తీర్పు చెప్పింది. లైట్లమ్మాయి నాకు వినిపించింది. ఏడ్చేవాళ్ళు అద్భుతం. పూలు బాగున్నాయి. భర్త మాత్రం సహజంగా లేడు. భార్య పోయినవాడు అలా ఉండడు! ఆవిడకు భార్యలు ఎంతమంది పోయారో నేనడగలేదు.

తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది.

"ఒక్కటే ప్రశ్న. నీ ఏడుపు ముందే అనుకున్నదా? అయితే ఇరవైకి ఇరవై. దానంతటదే వచ్చిందా? అయితే నిర్వాహకుడు అదుపు తప్పినట్టు. సున్నా. పరీక్ష తప్పినట్టే."

హాలంతా వాడి వైపే చూసింది. ఒక్క మాట చాలు. రోజుకు వందసార్లు వాడు వాడే మాటే. నోరు తెరిచాడు. తెర మీద అత్తను చూశాడు. నోరు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడికి ప్లాన్ లేదు!

మేడమ్ పెన్ను మూత తీసింది.

"ప్లాన్!"

మైకులో ఎవరో అరిచారు. చూస్తే నేనే.

"ప్లాన్! రిహార్సల్! రోజూ రిహార్సల్!"

"మామయ్యా..."

"నువ్వు నోర్ముయ్యి! ముక్కు ఎప్పుడు కారాలో కూడా నేనే నేర్పానని చెప్పమ్మా ఆవిడకు!"

చెప్పింది. మేడమ్ మొహంలో మొదటిసారి ఒక భావం పుట్టింది. ఆనందం! చప్పట్లు కొట్టింది. హాలంతా కొట్టింది. ఇరవైకి ఇరవై. పైగా నా చెయ్యి పట్టుకుని ఊపింది. వచ్చే ఏడు పిల్లలకు సహజంగా ఏడవడం మీద నాలుగు పాఠాలు చెబుతారా అని అడిగించింది. అంతసేపూ నేను చెప్పిన నిజాలకు ఒక్క మార్కు పడలేదు. ఒక్క అబద్ధానికి ఉద్యోగమే వచ్చింది!

హాలు ఖాళీ అయ్యాక హడావుడి నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"లెయ్యి. కెమెరా ఆపేశారు."

"తెలుసు మామయ్యా."

"నిన్ను క్షమించలేదు."

"అదీ తెలుసు."

ఫోటో తీసి జేబులో పెట్టుకోబోతూ ఒకసారి చూశాను. మొహం చిట్లించుకునే ఉంది. ఇన్నాళ్ళూ ఆ చిట్లింపు వాడి మీదనుకున్నాను. ఈసారి సరాసరి నన్నే చూస్తోంది.

అప్పుడే మా చెల్లెలు ఫోన్ చేసింది.

"పాసయ్యాడటగా! నువ్వే దగ్గరుండి గట్టెక్కించావటగా! పైకి కస్సుమంటావు గానీ అన్నయ్యా, వాడంటే నీకెంత ప్రేమ!"

"ప్రేమా లేదు, దోమా లేదు" అన్నాను. "ప్లాన్."