తరుగు తీసిన ఇల్లు

మీ ఇంటికి బీమా చేయిస్తున్నారా? అయితే రేపు ఇల్లు కాలిపోతే మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందని పొరపాటున కూడా ఎవరినీ అడగకండి. అప్పు కోసం బ్యాంకు వాల్యూయర్ వేసిన అంకె ఉందిగా? దాన్నే పాలసీలో రాయించేయండి. ఇంతకన్నా సుఖమైన పద్ధతి లోకంలో లేదు! అనుభవించినవాణ్ణి, చెబుతున్నాను.

మేం ఇంటి మీద అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్ళు ఒక వాల్యూయర్‌ని పంపారు. మేం అప్పు ఎగ్గొడితే ఈ ఇల్లు ఎంతకు అమ్ముడుపోతుందో చూడటం ఆయన పని. పెద్దమనిషి వచ్చాడు, టేపు పట్టాడు, పెన్నుతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"కట్టి ఎన్నాళ్ళయిందండీ?" అన్నాడు.

ఇరవై ఏళ్ళు దాటిందన్నాను.

"అయితే తరుగు బాగానే పోతుంది" అన్నాడు, ఎందుకో నా బట్టతల వంక చూస్తూ.

తరుగంటే మీకు తెలియనిదేముంది? బంగారం కొట్లో కొన్నప్పుడూ మన మీదే వేస్తారు, అమ్మినప్పుడూ మన మీదే వేస్తారు. ఇంటికీ అంతే. స్థలానికి బోలెడంత విలువ కట్టి, ఇంటికి మాత్రం తరుగు పోగా మిగిలిన చిన్న అంకె వేసి ఆయన వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నా బావమరిది వచ్చాడు. వాడు బీమా ఏజెంటు. మాకు సాయం చేయకపోతే వాడికి ముద్ద దిగదు.

"మళ్ళీ ఇంజనీరుని పిలిచి లెక్కలు కట్టించడం ఎందుకు బావా? బ్యాంకాయన ఇంటికి కట్టిన అంకె ఉందిగా, అదే వేసేద్దాం. ప్రీమియం కూడా తగ్గుతుంది" అన్నాడు.

ఎంత చల్లని మాట! ఆ పూట వాడికి రెండోసారి కాఫీ ఇప్పించాను.

ఇంత గొప్ప పద్ధతిని మిగతా చోట్ల ఎందుకు వాడటం లేదా అని నాకు బాధేస్తుంది. దర్జీకి నా కాలేజీనాటి కొలతలిస్తే ఎంత గుడ్డ మిగిలేది! నేను వెళ్ళినప్పుడల్లా డాక్టరు బీపీ చూడటం దేనికి? నా పెళ్ళినాటి బీపీ రాసుకుంటే పోదూ? ఆయనకూ శ్రమ తప్పుతుంది, నాకూ మందులు తప్పుతాయి.

సరే, పోయిన వేసవిలో మా వంటిల్లు కాలింది. ఓవెన్ వైరు అంటుకుని, మేం పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి మంటలు కప్పు దాకా లేచాయి. మనుషులకేం కాలేదు. కానీ మా ఆవిడ ఆ వంటింట్లోనే కేకులు చేసి నాలుగు బేకరీలకు వేస్తుంది. మా ఇంట్లో నికరమైన రాబడి అదొక్కటే, నా రాతల మీద వచ్చేది నా కాఫీకే చాలదు.

"కంగారు పడకు, బీమా ఉంది" అన్నాను ఛాతీ విరుచుకుని.

బీమా కంపెనీ సర్వేయర్ వచ్చాడు. మహా మర్యాదస్తుడు, మసి మీద కూడా చెప్పులు విడిచి నడిచాడు.

"ఇల్లంతా మళ్ళీ కట్టాలంటే అయ్యే ఖర్చులో సగానికే బీమా చేయించారండీ. కాబట్టి జరిగిన నష్టంలోనూ సగమే వస్తుంది" అన్నాడు.

"కాలింది వంటిల్లొక్కటే కదండీ. పాలసీలో అంతకంటే ఎక్కువే ఉందిగా?" అన్నాను.

"రూలు అంతేనండీ. మిగతా సగానికి మీకు మీరే బీమా కంపెనీ అన్నమాట."

చూశారా! పెట్టుబడి లేకుండా, బోర్డు కట్టకుండా, కూర్చున్న చోటే ఒక బీమా కంపెనీకి యజమానినైపోయాను. ఏకైక ఖాతాదారు మా ఆవిడ.

వెంటనే పని మొదలెట్టాను. వాల్యూయర్ లెక్క ప్రకారం మాది పాత ఇల్లు కదా, పాత సరుకుతోనే కడితే ఖర్చు సరిపోతుందని సిమెంటు కొట్టుకెళ్ళి ఇరవై ఏళ్ళనాటి సిమెంటు అడిగాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి కుర్చీ జరిపాడు.

"ఎండగా ఉంది సార్, కాసేపు కూర్చోండి."

ఇంటికొచ్చి, సగం డబ్బే వస్తుందని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ అరవలేదు, ఏడవలేదు.

"ఏ సగం కట్టిద్దాం? పొయ్యి ఉన్న సగమా, గిన్నెలు తోమే సగమా?" అంది.

అరిచినా బాగుండేది.

ఇప్పుడు ఆవిడ రోజూ బస్సెక్కి ఊరి చివర ఎవరిదో ఓవెన్ అద్దెకు తీసుకుని కేకులు చేస్తోంది. దారిలో కుదుపులకు క్రీమంతా చెదిరిపోతోందని రెండు బేకరీలు తీసుకోవడం మానేశాయి. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు. నాకు చాలా కష్టంగా ఉంది, కానీ పద్ధతి మాత్రం గొప్పదే!

మొన్న బావమరిది మళ్ళీ వచ్చాడు, పాలసీ రెన్యూవల్ అంటూ.

"ఈసారి ప్రీమియం పెరిగింది బావా. ఇటుకా, సిమెంటూ, కూలీ అన్నీ మండిపోతున్నాయి. ఈ రోజుల్లో ఇల్లు కట్టాలంటే మాటలా? కంపెనీ మాత్రం ఏం చేస్తుంది చెప్పు?"

అప్పుడే బస్సు దిగి వచ్చిన మా ఆవిడ చేతిలో సంచి కింద పెట్టకుండానే తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"ఇల్లు కట్టాలంటే మాటలు కాదని మీ కంపెనీకి తెలుసన్నమాట. మరి పాలసీలో బ్యాంకాయన అంకె వేసిననాడు తెలీదేంరా?"

వాడు రసీదు పుస్తకం తీశాడు.