మే పంతొమ్మిది దాకా తపస్కాలం

జనవరి రెండో సోమవారం ఉదయం పదకొండు గంటలకు హార్లన్ ఫెర్రీ నగరానికి పూర్వవైభవం తిరిగి రావలసి ఉంది. టీవీ వాళ్ళకు పదకొండుకి వేరే ఊళ్ళో పనుందని తెలియడంతో మేయర్ క్లెమెంట్ డుగన్ గారు దాన్ని పదిన్నరకే రప్పించారు. నగరానికి సొంత ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వస్తోందని, దాని పేరు హార్లన్ ఫెర్రీ ఫర్నేస్ అని, ఉక్కు మిల్లు మూతపడిన ముప్ఫై ఏళ్ళకు పెన్సిల్వేనియాలోని ఈ నది ఒడ్డున మళ్ళీ కొలిమి రాజుకుంటోందని ప్రకటించారు.

"ఏ లీగులో ఆడుతుందండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"అమెరికాలో ఉన్న లీగుల్లో ఒకదానిలో," అన్నారు మేయరు గారు.

ఐస్ హాకీ ఆడే హాల్లో మంచు మీద పచ్చ తివాచీ పరిచి, చుట్టూ గోడలకు పరుపులు కట్టి ఆడతారట. మైదానం మామూలు మైదానంలో సగమే ఉంటుంది కాబట్టి ఆట రెట్టింపు వేగంగా ఉంటుందని మేయరు గారు లెక్క చెప్పారు. ఆ లెక్కను ఎవరూ కాదనలేకపోయారు.

ఈ ప్రకటనను ఓల్గా సెడ్లాక్ వంటింట్లో చిన్న టీవీలో చూసింది. ఆమెకు అరవై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు బడి క్యాంటీన్‌లో వండింది. మేయరు గారితో సహా ఊళ్ళో సగం మందికి చిన్నప్పుడు ఆమే వడ్డించింది. ఇప్పుడు సెయింట్ సిరిల్ చర్చి చేపల వంటకు పెద్ద. ఆటగాళ్ళకు బస ఇచ్చే ఇళ్ళు కావాలని మేయరు గారు అడిగితే, ఖాళీ గది ఉందని పేరు రాయించింది. రాయించిన మరుక్షణం, వచ్చేవాడు చెడ్డవాడైతే ఎలా అని భయపడింది. రెండు రోజులయ్యాక, మంచివాడైతే ఎలా అని భయపడింది. ఆ ఇంట్లోంచి భర్త వెళ్ళిపోయాడు, అక్క వెళ్ళిపోయింది, అద్దెకున్న నర్సమ్మ వెళ్ళిపోయింది. మంచివాళ్ళు వెళ్ళినప్పుడే ఇల్లు మరీ పెద్దదయిపోతుందని ఆమెకు తెలుసు.

వచ్చినవాడు మంచివాడే. పేరు టేవాన్ ప్రిచెట్, ఊరు అలబామాలో ఎక్కడో, వయసు ఇరవయ్యారు, బరువు నూట నలభై కిలోలు. వచ్చిన రోజే వాకిట్లో మంచు తవ్వి పోశాడు. అడగకుండానే పక్కింటి వాకిలి కూడా శుభ్రం చేశాడు.

"నువ్వు బంతి పట్టుకుంటావా, విసురుతావా?" అని ఓల్గా అడిగింది.

"రెండూ కాదు, మిస్ ఓల్గా. బంతి పట్టుకున్నవాణ్ణి ఎవరూ ముట్టుకోకుండా అడ్డం నిలబడతాను."

"మరి నిన్నెవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. అందుకే వీడియోలు కావాలి."

కెనడాలో పెద్ద లీగు ఉంది. ఎనిమిది పూర్తి ఆటల వీడియోలు పంపితే అక్కడ ఒక జట్టు వాళ్ళు పరీక్షకు పిలుస్తామన్నారు. ఏడు చాలవు. ఓల్గా క్యాలెండర్ ముందు నిలబడి ఆలోచించింది. ఎనిమిది ఆటలయితే వీడు వెళ్ళిపోతాడు. కాకపోయినా వెళ్ళిపోతాడు, తల వంచుకుని. మొదటిదే నయమని తేల్చుకుంది.

మార్చి మొదటి శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు తొలి ఆట. శుక్రవారం సాయంత్రం జనానికి తీరిక అని డాలస్ నుంచి వచ్చిన సలహాదారు చెప్పాడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస దినాలైన తపస్కాలంలో శుక్రవారం మాంసం ముట్టరని, హార్లన్ ఫెర్రీలో మతమున్నవాడూ లేనివాడూ కూడా ఆ సాయంత్రం చర్చి కింది హాల్లో వేయించిన చేప తింటాడని అతనికి ఎవరూ చెప్పలేదు. తొలి ఆటకు ఎనభైమూడు మంది వచ్చారు. అదే సమయానికి సెయింట్ సిరిల్ మెట్ల మీదుగా వీధి మలుపు దాకా ఏడువందల మంది వరుసలో ఉన్నారు. వాళ్ళలో నలభయ్యారో మనిషి మేయరు గారు. అలవాటు కొద్దీ వచ్చేశారు.

వడ్డించే దగ్గర ఫిలొమినా బార్టోలి ఉంది. ఓల్గాకు ఇరవై ఏళ్ళుగా కుడి చెయ్యి, నోరు మాత్రం ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండదు.

"నిమ్మకాయా, సాసా, క్లెమ్?"

"రెండూ వెయ్యండి."

"ఇవాళ నీ ఆట కదూ?"

"అవునండీ. ఆరింటికి."

"ఆరున్నరయింది."

మేయరు గారు గడియారం వైపు చూశారు, ప్లేటు వైపు చూశారు. నాయకుడికి కావలసిన నిబ్బరం ఆయనలో ఎంతుందో ఆ క్షణంలో తెలిసింది.

"పొట్లం కట్టండి," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఓల్గా ఇంటికి వచ్చారు. ప్రజలు ఎక్కడుంటే నాయకుడూ అక్కడే ఉండాలని చాలామంది అంటారు. వరుసలో నిలబడి ఆ సంగతి స్వయంగా కనిపెట్టినవారు డుగన్ గారొక్కరే.

"మిసెస్ సెడ్లాక్, మీ చేపల వంట ఆట హాల్లోకి మార్చాలి."

"నలభై ఒక్క ఏళ్ళుగా చర్చి కిందే వండుతున్నాం, క్లెమ్."

"అందుకే, కొంచెం మార్పు."

"ఆ చలికి నూనె గడ్డకడుతుంది," అంది అక్కడే కాఫీ తాగుతున్న ఫిలొమినా.

"నూనె సంగతి నగరపాలక సంస్థ చూసుకుంటుంది," అన్నారు మేయరు గారు. తర్వాత గొంతు తగ్గించి, "జనం రాకపోతే నెలాఖరుకి జట్టు ఉండదు. అవతలివాళ్ళు కాచుక్కూచున్నారు," అన్నారు.

ఓల్గా కిటికీలోంచి చూసింది. టేవాన్ వీధి చివర ముసలాయన కారును మంచులోంచి ఒక్కడే నెడుతున్నాడు.

"పొయ్యిలు ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

రెండో శుక్రవారం రెండువేల వందమంది వచ్చారు. చేపల వరుస మైదానం చుట్టూ తిరిగి వచ్చేది. అందరి ముఖాలూ పొయ్యి వైపు, వీపులు ఆట వైపు. ఫర్నేస్ ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడిపోయింది. చేప అరగంట ముందే అయిపోయింది. రెండో సంగతి మీద మాత్రమే ఫిర్యాదులొచ్చాయి. 'ఫర్నేస్‌కు పోటెత్తిన నగరం' అని పేపర్లో వేశారు. హాజరును ప్లేట్ల లెక్కన ప్రకటించడం మేయరు గారి సొంత ఆలోచన. రెండోసారి వడ్డించుకున్నవాళ్ళను ఇద్దరు అభిమానులుగా లెక్కించారు.

ఒకసారి బంతి ఎగిరి వచ్చి క్యాబేజీ గిన్నెలో పడింది. ఫిలొమినా దాన్ని తీసి, తుడిచి, పైకెత్తి పట్టుకుంది.

"ఎవరిది?"

రెండు జట్ల ఆటగాళ్ళూ చేతులెత్తారు.

"ప్లీజ్ అనండి."

అన్నారు. టీవీలో ఫర్నేస్ గురించి పిట్స్‌బర్గ్ దాకా చూపించిన దృశ్యం అదొక్కటే.

ఆట అయ్యాక టేవాన్ చెమటతో, ఆకలితో వచ్చి పన్నెండు ముక్కలు తినేవాడు.

"బాగుంది గానీ, మిస్ ఓల్గా, మా ఊళ్ళో చేపకి మొక్కజొన్న పిండి అద్దుతారు."

"మీ ఊళ్ళో మంచు కూడా పడదు. తిను."

మార్చిలో నాలుగు ఆటలు, నాలుగు వీడియోలు అయ్యాయి. ఆ తర్వాత ఈస్టర్ వచ్చింది.

ఈస్టర్ వెళ్ళిన శుక్రవారం అరవయ్యొక్క మంది వచ్చారు. మిగతా ఊరంతా బర్గర్లు తింటోంది. మేయరు గారు ఖాళీ కుర్చీల వైపు చాలాసేపు చూసి, సమస్యకు మూలం పట్టుకున్నారు. సోమవారం నాడు సెయింట్ సిరిల్ చర్చి గురువు ఫాదర్ ఆంబ్రోస్‌ను, సాంకేతిక నిపుణురాలిగా ఓల్గాను వెంటబెట్టుకుని బిషప్ గారి దగ్గరకు వెళ్ళారు.

"ఈస్టర్ మానెయ్యమనడం లేదు స్వామీ," అన్నారు. "ఈస్టర్ ఈస్టరే. తపస్కాలం మాత్రం కొంచెం పొడిగించండి."

బిషప్ గారు కళ్ళద్దాలు తీశారు. "ఎంతవరకు?"

"మే పంతొమ్మిది."

"ప్రభువు సమాధిలోంచి లేచాడు, మేయరు గారూ. ఇంకా దేనికి ఉపవాసం?"

"నగరాభివృద్ధికి."

"అది నా చేతిలో లేదు."

"ఎవరి చేతిలో ఉందో చెప్పండి, నేను మాట్లాడతాను."

ఫాదర్ ఆంబ్రోస్ దగ్గు వచ్చినట్టు రుమాలులో ముఖం దాచుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఓల్గా అడిగింది. "మే పంతొమ్మిది ఏమిటి, క్లెమ్? సీజన్ జూన్ దాకా ఉంది కదా."

"ఆ రోజు మేయరు అభ్యర్థిని తేల్చే పార్టీ ఎన్నిక, మిసెస్ సెడ్లాక్. నేను గెలిస్తే జట్టు జూన్ దాకా ఉంటుంది. అవతలివాళ్ళు గెలిస్తే మర్నాడే తాళం పడుతుంది."

ఓల్గాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మతం చెయ్యలేనిది ప్రభుత్వం చేసింది. గురువారం నగర కౌన్సిల్ పౌర తపస్కాలం తీర్మానాన్ని ఆమోదించింది. మే పంతొమ్మిది దాకా ప్రతి శుక్రవారం నగర సరిహద్దుల్లో మాంసం అమ్మరాదు. నలుగురు అనుకూలం, ఒకరు వ్యతిరేకం. ఆ ఒకరు బర్గర్ల దుకాణం యజమాని. ఆయన అభ్యంతరాన్ని 'అభివృద్ధి పట్ల అసూయ' అని సమావేశం మినిట్స్‌లో రాశారు.

ఆ శుక్రవారం సాయంత్రం అయిదింటికి నది మీద వంతెన కార్లతో నిండిపోయింది. అవతలి ఒడ్డున ఊళ్ళో మాంసం అమ్ముతారు. వంతెన మీద రద్దీని నగరం మళ్ళీ కళకళలాడుతోందనడానికి సాక్ష్యంగా మేయరు గారు చూపించారు. ఇక హాజరు ప్రకటనలో, వచ్చినవాళ్ళతో పాటు వద్దామనుకున్నవాళ్ళను కూడా కలిపారు.

లీగులో మిగతా జట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒకదాని బస్సు ఆగిపోయింది, ఒకదాని కోచ్ కనిపించలేదు. ఎదుటి జట్టు రానప్పుడల్లా ఫర్నేస్ గెలిచినట్టు ప్రకటించి, రెండుసార్లు ఊరేగింపు తీశారు. కానీ ఆడని ఆటకు వీడియో ఉండదు. మే పదిహేనుకి టేవాన్ దగ్గర ఏడు ఉన్నాయి. ఎనిమిదోది ఇరవై రెండున.

పంతొమ్మిదో తారీఖున ఓల్గా చర్చి వ్యాన్‌లో చేపల వంట ఆడవాళ్ళను ఇరవయ్యారు మందిని మూడు విడతలుగా ఓటుకు తీసుకొచ్చింది. అగ్నిమాపక కేంద్రంలో పోలింగు. చివర్న తను కాగితం తీసుకుని అట్టల గదిలోకి వెళ్ళింది. మేయరు పదవి దగ్గర క్లెమెంట్ డుగన్ అని ఉంది. కింద ఇంకేమీ లేదు. కాగితం తిప్పింది. వెనక బడి పన్ను గురించి ఉంది.

కాగితం పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చింది. పోలింగు అధికారి విల్మా ఆమెకు పాత నేస్తమే.

"విల్మా, అవతలివాడి పేరు అచ్చుకాలేదే."

"అవతలివాడెవడు?"

"క్లెమ్‌కి పోటీగా నిలబడ్డవాడు."

"పోటీయా? క్లెమ్‌కి ఎవరైనా పోటీ నిలబడి పదహారేళ్ళయింది, ఓల్గా. గుండ్రం పూర్తిగా నింపు, సగం నింపితే మిషను తీసుకోదు."

ఓల్గా గుండ్రం పూర్తిగా నింపింది. బయట, చట్టం ప్రకారం గీసిన సుద్దగీత అవతల, మేయరు గారు చొక్కా చేతులు మడిచి వచ్చేపోయేవాళ్ళతో కరచాలనాలు చేస్తున్నారు. ముఖం నిండా చెమట.

"ఎలా ఉంది, క్లెమ్?" అంది ఓల్గా.

"హోరాహోరీగా ఉంది, మిసెస్ సెడ్లాక్," అన్నారాయన.

డుగన్ గారు పంతొమ్మిది వందల నాలుగు ఓట్లతో, సున్నా మీద గెలిచారు. మర్నాడు తొమ్మిదింటికి, ఫర్నేస్ తన చారిత్రక కర్తవ్యాన్ని నెరవేర్చినందున దానికి విశ్రాంతి ఇస్తున్నామని ప్రకటించి హాలు తాళం మార్పించారు.

శుక్రవారం ఒహాయో నుంచి ఎదుటి జట్టు బస్సు వచ్చింది. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తాళం చూసి, వంట వాసన వచ్చిన వైపు నడిచి సెయింట్ సిరిల్ చేరారు. ఓల్గా వాళ్ళకు కడుపు నిండా సాసేజులు పెట్టి, తిన్నాక సమాధుల పక్క గడ్డిమైదానం చూపించింది.

"ఎంతుంటుంది?" అన్నాడు వాళ్ళ కోచ్.

"మామూలు దాంట్లో సగం," అంది ఫిలొమినా. "మీకు సరిపోతుంది."

ఫాదర్ ఆంబ్రోస్ గంట గోపురం ఎక్కి ఫోనుతో వీడియో తీశారు. వీధిలోవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఈసారి తినడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అందరూ ఆటే చూశారు. ఫర్నేస్ ఆరు పాయింట్లతో గెలిచింది. ఆ గెలుపు ఏ లెక్కలోనూ లేదు.

జూన్ మొదటి వారంలో కెనడా నుంచి పిలుపు వచ్చింది. గోపురం మీది నుంచి తీసిన వీడియోలో టేవాన్ అడుగులు బాగా కనిపించాయట.

బస్సు దగ్గర మేయరు గారు ఫొటోగ్రాఫరుతో సహా ఉన్నారు. మూరెడు పొడవున్న ఇత్తడి తాళంచెవిని వెల్వెట్ పెట్టెలో పెట్టి టేవాన్‌కు బహూకరించారు. నగరం తాళంచెవి.

టేవాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది దేనికి పడుతుందండీ?"

"దేనికీ పట్టదు," అన్నారు మేయరు గారు గర్వంగా. "గౌరవం."

ఫొటో అయ్యాక టేవాన్ ఓల్గా దగ్గరకు వచ్చి, జేబులోంచి ఆమె ఇంటి తాళంచెవి తీసి ఇవ్వబోయాడు. ఆమె అతని వేళ్ళు మూసేసింది.

"వెనక తలుపుది," అంది. "వానలప్పుడు చెక్క ఉబ్బుతుంది. కొంచెం పైకెత్తి తిప్పాలి."