నరసమ్మ టాకీసు పైకప్పు

ఆ శనివారం పొద్దున ఆకాశం కొత్తగా తోమిన రాగి బిందెలా ఎర్రగా ఉంది. గాలి లేదు. వాగు అవతల చెరకు ఆకు ఒక్కటి కదలడం లేదు. గోరువంకలు మామిడి కొమ్మల్లో లోపలికంటా నక్కి కూర్చున్నాయి. సాయంత్రానికి తుఫాను దీవి మీదికి వస్తుందని రేడియో అప్పటికి మూడుసార్లు చెప్పింది. లచ్చయ్య రేడియో కట్టేసి, ఒక కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ కాగితం పురపాలక సంఘం వాళ్ళిచ్చినది. పట్టణానికి నూరేళ్ళు నిండుతున్నాయని, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల నడిచిన సినిమా హాళ్ళ పేర్లన్నీ రాతి పలక మీద చెక్కిస్తున్నారు. ఆరింటి సంగతి తేలింది. ఒకటి గుడ్డల కొట్టయింది, ఒకటి ప్రార్థన మందిరమయింది, ఒకటి టైర్ల గోదామయింది, మూడు కాలిపోయాయి. ఏడోది లచ్చయ్య తండ్రి అప్పన్న కట్టిన నరసమ్మ టాకీసు. కాగితంలో మూడు గడులున్నాయి. 'ఎక్కడ ఉండేది' అన్న గడిలో లచ్చయ్య 'మిల్లు రైలుపట్టాల పక్కన, ఇప్పుడు చెరకు తోట' అని రాశాడు. 'ఏమైంది' అన్నచోట 'గాలికి పోయింది' అని రాస్తే గుమస్తా ఒప్పుకోలేదు. ఎక్కడికి పోయిందని అడిగాడు. సోమవారానికి గడులు నిండకపోతే పలక మీద ఆరు పేర్లే ఉంటాయన్నాడు.

టాకీసు కూలింది నలభయ్యారేళ్ళ కిందటి తుఫానులో. లచ్చయ్యకి అప్పుడు పన్నెండేళ్ళు. అప్పన్న మళ్ళీ హాలు కట్టలేదు, దాని ఊసెత్తలేదు. లచ్చయ్య కూడా ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడం ఆ ఇంట్లో అలవాటు లేదు. పోయిన వారం చెరకు లారీ నడిపే యాకూబ్ ఒక కబురు మోసుకొచ్చాడు. వాగు అవతలి ఊరి హాల్లో చెదపట్టిన వెదురు తడక ఊడదీస్తే, పైన రేకుల లోపలివైపు నీలం రంగు, దాని మీద తెల్ల నక్షత్రాలు బయటపడ్డాయట. టాకీసు కప్పుకి లోపల నక్షత్రాలు వేయించింది అప్పన్నే. బొమ్మ బాగోకపోతే జనం పైకైనా చూసుకుంటారని ఆయన ఉద్దేశం.

"తుఫానంటన్నారు కదా, రేపెళ్ళరాదా?" అంది లచ్చయ్య భార్య కొండమ్మ.

"రేపు ఆదివారం. వాళ్ళకి ప్రార్థన తప్ప వేరే పనుండదు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి గడువు."

కొండమ్మ, దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా మొక్క వేళ్ళ కట్టలు రెండు పాత పేపర్లో చుట్టి సంచిలో పెట్టింది. అది దీవి మూలవాసుల ఊరు, అక్కడికి ఉత్త చేతులతో ఎవరూ వెళ్ళరు. వేళ్ళ కట్ట పెద్దల ముందు పెట్టి, వాళ్ళు దాన్ని అందుకున్నాకే మాట.

"ఒకటి చాలు" అన్నాడు లచ్చయ్య.

"ఒక్కటెడితే పీనాసోళ్ళనుకుంటారు. పట్టుకెళ్ళు."

మామూలుగా ఆ ఊళ్ళో లచ్చయ్య తరఫున మాట్లాడేది సాకియాసి. చెరకు కోత ముఠాకి మేస్త్రి అతను, ఆ ఊరి పెద్ద రాతు మెలికి నోరు కూడా అతనే. ముప్పై ఏళ్ళుగా లచ్చయ్యా అతనూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ, తిట్టుకుంటూ బతుకుతున్నారు. ఆ పూట సాకియాసి గాలివాన రాకముందే కర్రపెండలం తవ్వుకుందామని కొండ మీదికి పోయాడు. దాంతో లచ్చయ్యే ఊరి హాల్లో చాప మీద కూర్చుని, రెండు కట్టలూ రాతు మెలి ముందు పెట్టాడు.

"మా నాన్న టాకీసు కప్పు ఇక్కడుందని తెలిసి వచ్చాను" అన్నాడు.

లచ్చయ్యకి అదే పెద్ద ఉపన్యాసం. రాతు మెలికి ఎనభై దాటాయి, ఆయనకీ మాటలు తక్కువే. ఆయన కట్టలు అందుకున్నట్టుగా, అరచేతులు దొప్పల్లా పట్టి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. కొయ్య గిన్నెలో యంగోనా కలిపి కొబ్బరి చిప్పతో ఇచ్చారు. లచ్చయ్య తాగి, తల పైకెత్తాడు.

నక్షత్రాలు ఉన్నాయి. కొన్ని రాలిపోయి తుప్పుగా మిగిలాయి, కొన్ని అలాగే ఉన్నాయి. ఒక రేకుకి వేలు పట్టేంత బెజ్జం ఉంది. దాని కింద నేల మీద ఒక సత్తు గిన్నె పెట్టి ఉంది. ఆ బెజ్జం లచ్చయ్యకి బాగా తెలుసు. టాకీసులో అది రెండో వరస మూడో కుర్చీ మీదికి కారేది. ఆ కుర్చీకి అప్పన్న ఎప్పుడూ టికెట్టు అమ్మలేదు. వానాకాలమంతా అందులో ఒక గిన్నె కూర్చుని సినిమా చూసేది. లచ్చయ్య చాలాసేపు పైకే చూసి, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఎదురుగా కూర్చున్న పెద్దలు కప్పు వైపు చూశారు. తర్వాత రెండో కట్ట వైపు చూశారు.

"విన్నాం" అన్నాడు రాతు మెలి.

ఏం విన్నారో లచ్చయ్యకి తెలియలేదు. అడగలేదు.

ఇంటికొచ్చి రెండో గడిలో 'వాగు అవతల ఊరి హాలుకి పైకప్పయింది' అని రాసి, కిటికీలకు చెక్కలు కొట్టే పనిలో పడ్డాడు. పన్నెండవుతుండగా యాకూబ్ లారీ వాకిట్లోకి వచ్చి ఆగింది. లారీ నిండా రేకులు. పైన ఆరుగురు మనుషులు. సాకియాసి దిగాడు. కొండ మట్టి కడుక్కుని పండగ లుంగీ కట్టుకున్నాడు. బావా అనలేదు. లచ్చయ్యకి మొదట భయం వేసింది అందుకే.

"అప్పన్న కొడుకా, నువ్వు కోరినవి రాతు పంపాడు. ముప్పయ్యారు రేకులు. ఒక్కటి తగ్గలేదు. మేకులు డబ్బాలో ఉన్నాయి."

"నేనేం కోరాను?"

సాకియాసి కాసేపు చూసి, పండగ గొంతు పక్కన పెట్టేశాడు. "బావా, రోజు బాగా చూసుకుని అడిగావు. నలభయ్యారేళ్ళు ఆగినోడివి, ఇంకొక్క రోజు ఆగితే నీ సొమ్మేం పోయింది?"

"నేను అడగలేదు. చూడ్డానికొచ్చాను."

"ఎన్ని కట్టలెట్టావు?"

"రెండు."

"ఒకటి పెడితే చూడ్డానికొచ్చినట్టు. రెండోది పెడితే అడగడానికొచ్చినట్టు. మా ఊళ్ళో పాలు తాగే పిల్లని లేపి అడుగు, చెప్తుంది."

లచ్చయ్య కొండమ్మ వైపు చూశాడు. కొండమ్మ పొయ్యి మీది పప్పు కుండ వైపు చూసింది.

సాకియాసి చెప్పిన మిగతా సంగతి లచ్చయ్యకి ఆ రోజు వరకూ తెలియదు. ఆనాటి తుఫాను వెలిశాక సాకియాసి తండ్రి వచ్చి, మీ రేకులు మా ఒడ్డున పడ్డాయి, ఏం చెయ్యమంటావని అప్పన్నని అడిగాడట. వాడుకోండి, నాకు కావలసినప్పుడు అడుగుతానన్నాడట అప్పన్న. "ఆ మాట మీద మా ఊరు ఇన్నేళ్ళు కూర్చుంది. ప్రతి గాలివాన ముందూ రాతు అంటాడు, అప్పన్న ఇల్లు అడుగుద్దేమో చూసుకోండని. ఇయ్యాల అడిగింది."

"ఈ రాత్రికి మీరంతా ఎక్కడుంటారు?" అన్నాడు లచ్చయ్య.

"అక్కడే. నలభై మందిమి. ఊరు మొత్తానికి సిమెంటు గోడలున్నది ఆ హాలుకే. పొద్దున నువ్వు పైకి చూసినట్టే మేమూ చూస్తూ కూర్చుంటాం. ఈసారి నిజం నక్షత్రాలు."

"వెనక్కి పట్టుకుపో."

"ఇచ్చింది వెనక్కి తోస్తే రాతు మొహాన కొట్టినట్టు. మా పిల్లల పిల్లలు కూడా నీ తోటలో కత్తి పట్టరు."

వాగు మీద ఉన్నది లోవంతెన. గంట వాన పడితే అది నీళ్ళలోకి పోతుంది. ఆలోపు ముప్పయ్యారు రేకులూ అవతలికి చేరి, హాలు మీదికి ఎక్కాలి. ఎలా చేర్చాలో ఎవరికీ తెలియదు. అలా నిలబడి ఉండగానే చిన్నసామి వచ్చాడు.

చిన్నసామి పక్క పొలం రైతు. ఎద్దుబండి మీద ఒకదానికొకటి తగిలించిన నాలుగు ఇనుప కుర్చీలు తెచ్చాడు. యాకూబ్ దారి పొడుగునా హారన్ కొడుతూ, లచ్చయ్యన్న నాన్న టాకీసుని తిరిగి పోగు చేస్తున్నాడని అందరికీ చెప్పుకుంటూ వచ్చాడట.

"అన్నా, ఇవి మా నాన్న తెచ్చాడు. నేనప్పటికి పుట్టలేదు. కూర్చోడం మాత్రం కూర్చున్నాం" అన్నాడు చిన్నసామి.

"నేను అడగలేదురా."

"అదే కదా. నువ్వు అడక్కుండా ఉంటేనే మాకు ఎక్కువ సిగ్గుగా ఉండేది."

చిన్నసామి వెనకే మరో పదిళ్ళ వాళ్ళు కుర్చీలు మోసుకుంటూ వచ్చారు. తర్వాత పాత బడిపంతులు గారి భార్య సుభద్రమ్మ, తన కోళ్ళ గూటికి తలుపుగా పెట్టుకున్న టికెట్ల కిటికీని నెత్తిన పెట్టుకుని వచ్చింది. దాని ఊచల్లో ఒక కోడి కాలు ఇరుక్కుని ఉంది. ఆమె కిటికీనీ కోడినీ కలిపే దించింది. చివరికి యాకూబ్ కూడా లారీ దిగి, వెనక తలుపు బోల్టులు విప్పి నేల మీద పెట్టాడు. దాని మీద 'బయటికి దారి' అని తలకిందులుగా ఉంది.

"నువ్వూనా?" అన్నాడు లచ్చయ్య.

"మా తాత" అన్నాడు యాకూబ్.

ఒంటిగంటకి వాకిట్లో నలభై రెండు కుర్చీలు లారీ చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డాయి. ఇంతలో చెరకు తోట మీద మొదటి గాలి నడిచింది. ఆకులన్నీ ఒక్కసారి తిరగబడి తెల్లబోయాయి. లారీ మీది కుర్రాళ్ళు తాళ్ళు బిగించారు. 

"అన్నా" అంది కొండమ్మ సాకియాసితో. "ఇచ్చింది వెనక్కిస్తే తప్పు. మీకై మీరు వచ్చి అడిగితే?"

సాకియాసి ఆలోచించాడు. "అడగొచ్చు. అడిగితే ఇవ్వకపోవడమే తప్పు."

"అయితే అడుగు."

"ఉత్త చేతుల్తోనా చెల్లెమ్మా? కట్ట కావాలి. కొట్లన్నీ మూసేశారు."

"నా సీటు కింద ఒకటుంది" అన్నాడు యాకూబ్. "పొద్దున లచ్చయ్యన్న పెట్టిన రెండోది. రాతు ఇచ్చి పంపాడు. దారిలో పనికొస్తుందన్నాడు."

సాకియాసి ఆ కట్ట రెండు చేతులా పట్టుకుని లచ్చయ్య ముందు మట్టిలో కూర్చున్నాడు. లచ్చయ్య మెట్టు మీద కూర్చున్నాడు. కోరిక కోరేటప్పుడు తొందరపడకూడదు, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. సాకియాసి, లచ్చయ్య తాత చెరకు కూలీగా ఈ దీవిలో ఓడ దిగడం దగ్గర మొదలుపెట్టాడు. వాన చినుకులు మొదలయ్యాయి. చిన్నసామి టోపీ ఎగిరి తోటలో పడింది. యాకూబ్ గట్టు దాకా వెళ్ళొచ్చి, నీళ్ళు వంతెన స్తంభాల్లో సగానికొచ్చాయని చేత్తో చూపించాడు. సాకియాసి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంకా అప్పన్న పెళ్ళి దగ్గరే ఉన్నాడు. కొండమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. టాకీసు కట్టి, తెరిచి, ఇరవై ఏళ్ళు నడిపి, కూల్చి, రేకుల్ని వాగు దాటించేసరికి యాకూబ్ మళ్ళీ వచ్చి చెయ్యి ఇంకా పైకి పెట్టి చూపించాడు.

"మా ఊరికి కప్పు లేదు. అది నీ దగ్గరుంది. ఇప్పించు" అని ముగించాడు సాకియాసి.

లచ్చయ్య కట్టని ముట్టుకుని మూడు చప్పట్లు కొట్టాడు.

"పట్టుకుపో" అన్నాడు.

ఆ తంతులో అంత చిన్న జవాబు అంతకుముందు ఎవరూ విని ఉండరు. తర్వాత కదలనివాళ్ళు ఎవరూ లేరు. లారీ బయటపడాలంటే కుర్చీలు తియ్యాలి. తీసి ఎక్కడ పెట్టాలన్నా గాలి ఆగనివ్వదు. తెచ్చినవాళ్ళు వెనక్కి పుచ్చుకోవడానికి ఒప్పుకోలేదు. దాంతో కుర్చీలనీ, కిటికీనీ, తలుపునీ రేకుల మీదికే ఎత్తారు. అవి ఎగిరిపోకుండా వాటి మీద మనుషులు కూర్చున్నారు. కొండమ్మ పప్పు కుండ ఒళ్ళో పెట్టుకుని యాకూబ్ పక్కన ఎక్కింది. వంతెన మీద నీళ్ళు చక్రాల్లో సగం దాకా వచ్చాయి. యాకూబ్ తన దేవుణ్ణి తలుచుకున్నాడు, సాకియాసి తనవాణ్ణి, లచ్చయ్య కుర్చీలు లెక్కపెట్టుకున్నాడు.

హాలు మీద పదిహేను మంది ఎక్కారు. వాన అడ్డంగా కొడుతోంది. ఇద్దరు రేకు మీద పడుకుంటే మూడోవాడు మేకు దిగ్గొట్టాడు. సుభద్రమ్మ కింది నుంచి మేకులు అందించింది, వంకరవి రాయితో సాపు చేసి మరీ. ముప్పై అయిదో రేకు దగ్గర లచ్చయ్య కాలు జారితే సాకియాసి చొక్కా పట్టుకుని ఆపాడు. "కప్పు ఇచ్చావు సరే, నువ్వు కూడా ఎందుకు బావా" అన్నాడు. ఆఖరి మేకు దిగేసరికి ఆరయింది. వాగు వైపు చూస్తే వంతెన కనబడలేదు. ఎవరూ ఇంటికి పోయేది లేదు.

లోపల నేల తడిసి ఉందని కుర్చీలు వరసలుగా వేశారు. చిన్నసామి తలుపుని గుమ్మానికి ఆనించాడు. ఈసారి 'బయటికి దారి' నిటారుగా నిలబడింది. టికెట్ల కిటికీ గోడ వార చేరింది, కోడి అందులోనే సర్దుకుంది. మొదటి వరస మధ్యలో రాతు మెలి కూర్చున్నాడు. లచ్చయ్యని దగ్గరికి పిలిచాడు.

"నువ్వు చూడ్డానికే వచ్చావని నాకు తెలుసు" అన్నాడు. "అడిగేవాడికి కళ్ళు తడవవు."

"మరి విప్పించారేం?"

"మీ నాన్న అడుగుతానని పోయాడు. అడగనిదే మేము ఇవ్వలేం, ఇచ్చి తిరిగి అడిగి పుచ్చుకోనిదే అది మాది కాదు. నలభయ్యారేళ్ళు పరాయి కప్పు కింద పడుకున్నాం. రెండు కట్టలు చూసి, ఇంక ఆలస్యం చెయ్యకూడదనుకున్నాను." కప్పు వైపు చూసి, "తుఫాను సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా రేడియో పాడైంది" అన్నాడు.

అన్నం వడ్డించారు. ఉడికిన కర్రపెండలం, కొబ్బరి పాలలో డబ్బా చేప, కొండమ్మ పప్పు. లచ్చయ్యకి రెండో వరసలో చోటు దొరికింది. బయట గాలి రేకుల్ని పీకి చూస్తోంది. రేకులు కదలలేదు. అరవై మంది, పిల్లలు పెద్దల ఒళ్ళో, నక్షత్రాల కింద వరసగా కూర్చుని, ఎదురుగా ఉన్న ఉత్త తెల్లగోడ వైపు చూస్తూ తిన్నారు.

ఒక నీటి బొట్టు లచ్చయ్య పప్పులో పడింది. కాసేపటికి ఇంకొకటి. అతను కంచం జరపలేదు. ఎడమచేత్తో జేబులోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, 'ప్రస్తుత స్థితి' అన్న గడిలో వంకర అక్షరాలతో రాశాడు: 'రెండో వరస మూడో కుర్చీ మీద ఇంకా కారుతోంది.'