ఫకీరమ్మ ఫోటో దాచిన రోజు

ఆ ఆదివారం పొద్దున మేరాజ్ బీ వేసుకున్న లెక్క చాలా చిన్నది. బొరుగులతో ఉగ్గాని చేసి అందరికీ పెట్టాలి. పాత ట్యాబులోని ఫోటోలు కొత్త ట్యాబులోకి మార్పించాలి. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాలి. మూడోది జరగదని ఆమెకు అప్పుడే తెలుసు. నడుం వాలుద్దామనుకున్న రోజున ఏదో ఒకటి జరగక మానదు.

పాత ట్యాబు బ్యాటరీ ఉబ్బి వెనక మూత పూరీలా పైకి లేచింది. కొడుకు సలీం దానికి రబ్బరు బ్యాండు వేసిపెట్టాడు. పేలుతుందేమోనని మేరాజ్ బీ దాన్ని పెరట్లో రాయి మీద పెట్టేది. వానకు తడుస్తుందేమోనని మళ్లీ లోపలికి తెచ్చేది. గోరంట్లలో వాన పడి నాలుగు నెలలైంది. భయానికి ఆ సంగతి ఎవరు చెప్తారు?

బస్టాండు దగ్గర పాత ఫోన్లు అమ్మే తిప్పేష్ రెండు ట్యాబులు ఇచ్చి పంపాడు. సాయంత్రం దాకా చూసుకుని, నచ్చింది ఉంచుకుని, రెండోది తెచ్చియ్యమన్నాడు. ఒకటి ఆండ్రాయిడ్‌ది, ఒకటి ఆపిల్‌ది. సలీం ఆండ్రాయిడ్ పక్షం. బడిలో టీచరుగా చేస్తున్న కూతురు నాజ్‌నీన్ ఆపిల్ పక్షం.

"ఇది మన సామాన్ల గది మాదిరి మా," అన్నాడు సలీం. "ఏ మూట యాడ పెడితే ఆడే ఉంటాది. పెండ్లి అని ఒక సంచి, రంజాన్ అని ఒక సంచి. మెమరీ కార్డు ఏసుకో, పెన్‌డ్రైవు పెట్టుకో, అడిగేటోడు లేడు."

"సామాన్ల గదిలో ఎలుకలుంటాయి కదప్పా," అంది మేరాజ్ బీ.

"అందుకే నేను చెప్తాండా," అంది నాజ్‌నీన్. "దీంట్లో నువ్వు సర్దేదే లేదు. ఎవురి మొగం వాళ్లకి అదే ఏరి పెడతాది. ఆల్బమ్‌లనేవి ఉత్త చీటీలు మా. అసలు ఫోటోలు పైన క్లౌడ్‌లో ఉంటాయి."

"క్లౌడంటే?"

"మబ్బు అనుకో."

మేరాజ్ బీ గరిటె ఆపింది. "మబ్బా! ఈ సీమలో మబ్బును నమ్ముకోని బాగుపడినోడు ఒకడుంటే చూపించు. పోయినేడు మీ నాయన నమ్మి శెనక్కాయ ఏసినాడు. ఏమొచ్చిందో చూసినావు కదా?"

ఆపిల్ పక్షానికి అది తొలి దెబ్బ.

నిజానికి మేరాజ్ బీ భయం ఆరువేల ఫోటోల గురించి కాదు. ఒక్క ఫోటో గురించి. అది అత్త ఫకీరమ్మది. ఎనభై దాటిన ఆ అత్తకు ఫోటో అంటే పడదు. "ఫోటో దిగినోళ్లని గోడకెక్కిస్తారు. నేను నేల మీదనే ఉంటా" అని కొంగు కప్పుకుంటుంది. ఇంట్లో జరిగిన అన్ని పెళ్లిళ్ల ఫోటోల్లోనూ ఫకీరమ్మ అంటే ఒక చీర కొంగు. ఒక్కసారి మాత్రం, మేక లోపలికి దూరి మేరాజ్ బీ భర్త నూర్ మహమ్మద్ కొత్త లుంగీ నములుతుంటే, కొడుకు అవస్థ చూసి ఆమె పళ్లు లేని నోరు తెరిచి నవ్వింది. అప్పుడు నాజ్‌నీన్ టక్కున తీసింది. ఉన్నది అదొక్కటే.

మేరాజ్ బీకి సొంత తల్లి ఫోటో ఒక్కటీ లేదు. ముక్కుపుడక గుర్తుంది, గొంతు గుర్తుంది, మొహం మాత్రం ఏడాదికేడాది చెరిగిపోతోంది. తన పిల్లలకు ఆ కష్టం రాకూడదనే ఈ తాపత్రయమంతా.

పది గంటలకు పందెం మొదలైంది. ఆండ్రాయిడ్‌లోకి కాపీ అరవై ఒక్క శాతం దగ్గర ఆగి కూర్చుంది. ఆపిల్‌లోకి ఫోటోలన్నీ వచ్చాయి గానీ సంచులు రాలేదు. పెళ్లీ, రంజానూ, మేకా అన్నీ కలిసిపోయాయి. రెండేసి వచ్చినవి తీసేస్తానని నాజ్‌నీన్ కూర్చుంది.

"అవ్వది చూపించు," అంది తల్లి.

"ఉంటాది లే మా."

"చూపించు."

నాజ్‌నీన్ వేలు పైకీ కిందికీ పోయింది. మొహం రంగు మారింది. "ఇప్పుడే ఉండె... ఆల్బమ్‌లోంచి తీస్తే ఆల్బమ్‌లోంచే పోవాల కదా..."

"నువ్వు దేంట్లోంచి తీసినావు?" అన్నాడు సలీం, చాలా తీపిగా.

తీసేసినవి ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంటాయి, వెతికి తెస్తామని పిల్లలిద్దరూ ధైర్యం చెప్పారు. అత్తను చెత్తబుట్టలో వెతకడం మేరాజ్ బీకి నచ్చలేదు. ఆమె చప్పుడు కాకుండా పాత ట్యాబు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. దాంట్లో ఆ ఫోటో ఇంకా ఉంది. దాన్ని ఎలా పంపాలో తెలియక, తెరకు ఎదురుగా ఫోను పట్టుకుని ఫోటోకే ఫోటో తీసింది. పైనున్న బల్బు అద్దంలో పడి ఫకీరమ్మ తల చుట్టూ వెలుగు గుండ్రంగా వచ్చింది. దాన్ని నలభై ముగ్గురున్న చుట్టాల గ్రూపులో పెట్టింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కింద రాసింది: "అత్త ఫోటో. ఇదొక్కటే మిగిలింది. మళ్లీ దొరకదు. అందరూ దాచిపెట్టుకోండి."

ఆ గ్రూపులో పొద్దున పువ్వులు, శుక్రవారం దువాలు తప్ప ఏమీ రావు. ముసలివాళ్ల ఫోటో ఒంటరిగా వచ్చిందంటే దానికి ఒకటే అర్థం. రెండేళ్లలో అలా వచ్చిన ఐదుగురూ ఇప్పుడు లేరు. ఆ సంగతి మేరాజ్ బీకీ తెలుసు. కానీ ఆ నిమిషంలో ఆమె చావు గురించి ఆలోచించలేదు. ఆమె జీవితంలో అలా ఆలోచించని నిమిషం బహుశా అదొక్కటే.

పంపడమే ఆలస్యం, ఛార్జింగు అయిపోయి ఫోను ఆరిపోయింది. ప్లగ్గులన్నిట్లో ట్యాబులే ఉన్నాయి. సలీం తన సిమ్ము తీసి కొత్త ట్యాబులో వేసి పరీక్షిస్తున్నాడు. నాజ్‌నీన్ ఫోను రెండింటికీ నెట్టు ఇస్తోంది. మధ్యలో ఎవరూ పిలవకుండా దాన్ని మోగకుండా చేసిపెట్టింది. ఇంటికి ఊరితో సంబంధం తెగిపోయింది.

పన్నెండింటికి షామియానాలు కట్టే ఓబిలేష్ గుంజలతో వచ్చాడు. ఇలాంటి ఇళ్ల దగ్గర ఎక్కువ మాట్లాడకూడదని అతనికి అనుభవం. ఇంటి ముందు కట్ట మీద ఆకూ వక్కా దంచుకుంటున్న ముసలామెకు దండం పెట్టి గుంజలు దించాడు.

"ఏమప్పా, ఏం జరిగినాది?" అంది ఫకీరమ్మ.

"పెద్దామె పోయిందంట అవ్వా."

"పాపం! ఈ వీధిలోనేనా? నాకెవురూ చెప్పనే లేదే." ఆమె కాసేపు బాధపడింది. "ఆ పక్క కట్టొద్దు నాయనా, రెండు దాటితే ఎండ పడతాది. ఈ పక్కకు లాగు. ఏడ్చేటోళ్లకు నీడ ఉండాల."

ఓబిలేష్ ఈ పక్కకు లాగాడు. కిటికీలోంచి చూసిన మేరాజ్ బీ, ఎదురింట్లో ఏదో కార్యం కాబోలు, మన గుమ్మానికి అడ్డం కట్టకపోతే చాలనుకుని ఉల్లిగడ్డలు తరుక్కుంది.

ఒంటిగంటకు కొత్తచెరువు నుంచి ఫకీరమ్మ కూతురు ముంతాజ్ దిగింది. చంకలో కాగితం చుట్టిన పెద్ద ఫ్రేము. వెనక ఒక బండినిండా చుట్టాలు. "అమ్మా, నన్ను ఇడిసిపెట్టి పోయినావా!" అని గుండెలు బాదుకుంటూ, కట్ట మీద కూర్చున్న అమ్మను దాటుకుని నేరుగా లోపలికి పరుగెత్తింది.

ఫకీరమ్మ కర్ర పట్టుకుని కూతురి వెనకే వెళ్లింది. "ఏమే ముంతాజూ, ఎవురే పోయింది? నాకు చెప్పి ఏడ్వే!"

సరిగ్గా అప్పుడే నాజ్‌నీన్ నడింట్లోంచి గంతులేస్తూ వచ్చింది. "దొరికింది మా! అవ్వ దొరికింది! చెత్తబుట్టలోనే ఉండె!"

గుమ్మంలో నిలబడ్డ పదకొండు మంది ఏడుపు ఆపేశారు.

ముంతాజ్ వెనక్కి తిరిగింది. తల్లిని చూసింది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారింది. మేరాజ్ బీ అప్పటికి వంటింటి గడపలో ఉంది. షామియానా, చుట్టాలు, ఫ్రేము, తను రాసిన నాలుగు మాటలు ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్లముందు వరుసకట్టాయి. చేతిలో కత్తి ఉందని గుర్తొచ్చి, ఎవరికైనా తగులుతుందేమోనని ముందు దాన్ని కింద పెట్టింది.

కణేకల్ నుంచి లారీలో తెస్తున్న బియ్యం లోడు దారిలోనే దించేసి, నూర్ మహమ్మద్ మూడింటికి వచ్చాడు. అమ్మ కట్ట మీద ఉగ్గాని తింటోంది. అతను చాలాసేపు చూశాడు. తర్వాత, తనే ఫోన్ చేసి చెప్పి వేయించిన షామియానా కింద, ఒక కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమే మేరాజూ, నన్ను పొద్దున్నించి ఓదార్చినోళ్లకందరికీ ఇప్పుడు నేనేం చెప్పాల?"

"ఫోటో పోతాదేమోనని భయపడితిని," అంది మేరాజ్ బీ. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అమ్మది లేదు కదా. అత్తదైనా ఉండాలని..."

ముంతాజ్ తిట్టడానికి నోరు తెరిచింది. ఫకీరమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"దాన్ని ఏమనొద్దండి. ఎవురెవురు వచ్చినారో అది చెప్పండి ముందు." వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టింది. "కదిరి నుంచి మా తమ్ముని కొడుకు రాలేదా? నేను పోయినా రాడా వాడు? సరే. రేపు వాడు పోతే నేనూ పోను." ఫ్రేము తెప్పించుకుని కాగితం విప్పించింది. కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. వెలుగు చక్రం మధ్య పళ్లు లేని నవ్వు. "బాగుండాది. ఈ దీపం ఎవురు పెట్టినారు? కొట్టండి గోడకు. నేనే చూసుకుంటా."

సాయంత్రం ఆపిల్ ట్యాబు తిప్పేష్ దగ్గరికి తిరిగి వెళ్లింది. ఆండ్రాయిడ్ ట్యాబు, ఆగిన కాపీ ఎట్టకేలకు పూర్తిచేసుకుని, సంచులతో సహా ఇంట్లో ఉండిపోయింది. ఫకీరమ్మ ఇప్పుడు రెండు మెమరీ కార్డుల్లో, ఒక పెన్‌డ్రైవులో, నలభై ముగ్గురి ఫోన్లలో, నడింటి గోడ మీద ఉంది. అది కాక కట్ట మీద కూడా ఉంది. పోయేందుకు ఇక దారే లేదని పిల్లలు ఒట్టేసి చెప్పారు.

ఫ్రేము తగిలించిన ఆ మేకు మీద మాత్రం మేరాజ్ బీకి ఇంకా నమ్మకం కుదరలేదు.