కొత్త సంవత్సరం సరుకులు

డిసెంబరు ముప్ఫై ఒకటో తేదీ, ఆదివారం. ఆ పొద్దున వనజాక్షి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ప్యాసింజరులో మొగుడితో తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి వెళ్లాలి, కొండ మెట్లు ఎక్కాలి, స్వామిని చూసి తిరిగి రావాలి. అందులో కష్టమైనది కొండ కాదు. 'మొగుడితో' అన్న మాట.

పెళ్లయి ఏడు నెలలు కావస్తోంది. ఆ డెబ్బై ఎనిమిదో సంవత్సరం జూన్ నుంచి వాళ్లిద్దరూ కలిసి గడప దాటిన ప్రతిసారీ మూడో మనిషి వెంట ఉంది. తిరునిన్రవూరు గుడికి అత్త రుక్మిణమ్మ వచ్చింది. సినిమాకు అత్తా, పక్కింటి కుప్పమ్మా వచ్చారు. పెళ్లి ఫోటో తీయించుకోవడానికి స్టూడియోకు వెళితే అక్కడికీ అత్త వచ్చి, కుర్చీ ఒకటే ఉందని మధ్యలో తనే కూర్చుంది. ఫోటో చూసినవాళ్లకు రుక్మిణమ్మకు ఇద్దరు పిల్లలని తోస్తుంది.

తిరుత్తణి మెట్లు మూడు వందల అరవై అయిదు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఏడాది చివరి రోజున ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, పాట పాడుతూ ఎక్కడం ఆ వైపు ఆనవాయితీ. బి.ఏ. చదివిన వనజాక్షి దానికి తన సొంత ఆనవాయితీ ఒకటి చేర్చింది. ఒక్కో మెట్టు మీద నిలబడి, ఆ ఏడాదిలో ఆ రోజు ఏం జరిగిందో ఇద్దరూ చెప్పుకోవాలి. గోడ మీది క్యాలెండరు ముందు వేళ్లు మడిచి లెక్క కూడా కట్టింది. పెళ్లి రోజు నూట యాభై అయిదో మెట్టు.

ఇదంతా లోకనాథంతో నోరు తెరిచి చెప్పాలంటే సిగ్గు. ఉన్నది రెండు గదులు, రుక్మిణమ్మ చెవులు మూడు గదులకు సరిపడేవి. అందుకని ఉత్తరం రాసింది. ఊరికే రాస్తే తన సంతోషం అందులో పట్టలేదు. నెలాఖరు కదా, సరుకుల పట్టీలాగా రాస్తే భలే ఉంటుందనిపించింది. పైన 'కొత్త సంవత్సరం సరుకులు' అని రాసి, కింద గీత గీసింది. తర్వాత వరసగా రాసింది:

తిరుత్తణి మెట్లు, 365. ఈ రోజే. మీరూ, నేనూ.
రైల్లో కిటికీ పక్క సీటు, 1.
చామంతిపూలు, రెండు మూరలు, నేను అడక్కుండా.
వేడి బోండాలు, 4. నిలబడి తినాలి.
సినిమా, నెలకు ఒకటి, అత్త లేకుండా.
మద్రాసు సముద్రం, ఒకసారి.
నవ్వు, తూకం లేకుండా.

నాలుగుగా మడిచి, కొక్కేనికి వేలాడుతున్న లోకనాథం చొక్కా జేబులో పెట్టింది. అసలు సరుకుల పట్టీ, రుక్మిణమ్మ చెప్పగా తను రాసింది, గుడ్డసంచి అడుగున వేసింది. ఆ తర్వాత తనలో తనే నవ్వుకుంటూ దోసెలకు రుబ్బడానికి కూర్చుంది.

లోకనాథం తిరువళ్లూరు నుంచి రోజూ మద్రాసు ఆఫీసుకు రైల్లో వెళ్లి వచ్చే గుమాస్తా. మంచివాడు, మాట తక్కువ. ఆదివారం వేలాయుధం శెట్టి కొట్లో పట్టీ ఇచ్చేసి, పక్కనే క్షవరం చేయించుకుని ఇంటికి వస్తే, సరుకులు తోపుడుబండి మీద వెనకే వస్తాయి. ఆ రోజూ కొట్టు ముందు నిలబడి జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం తగిలింది. తీసి, పైనుంచి కింది దాకా చూసి, బాగుందన్నట్టు తల ఊపి, శెట్టి చేతికిచ్చి క్షవరానికి వెళ్లిపోయాడు.

వేలాయుధం శెట్టికి ముప్ఫై ఏళ్లుగా రెండు పట్టుదలలు. ఒకటి, పట్టీని కొట్టంతా వినపడేటట్టు చదవడం. రెండు, ఏ సరుకునైనా 'లేదు' అనకపోవడం.

"తిరుత్తణి మెట్లు, మున్నూట అరవై అయిదు!" అని చదివి ఆగాడు. పొట్లాలు కట్టేవాడు చెయ్యి ఆపాడు. శెట్టి కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఆహా! రుక్మిణమ్మ ఇంట్లో మెట్లపూజ మొక్కు మాదిరి ఉండాదే! మున్నూట అరవై అయిదు కర్పూరం బిళ్లలు కట్టరా. పసుపు, కుంకం ఎక్కువగా పెట్టు."

"మీరూ నేనూ అని ఉండాదే సామీ, ఇద్దరేనా?" అని చీటీలోకి తొంగి చూసింది ఇంగువ కోసం వచ్చిన కుప్పమ్మ.

"అదే చూస్తా ఉండా. ఇద్దరు మనుషులు అన్ని మెట్లకు ఎట్లా వెలిగిస్తారు, పావం! పోయి మన శివప్రకాశంకు చెప్పండి. భజన జమాను తోడు తీసుకోని పొమ్మని."

అలా ఇద్దరి ప్రయాణం ఇరవై ఇద్దరిదైంది. శెట్టి మిగతావి కూడా ఒక్కటీ వదలకుండా చదివాడు. కుప్పమ్మ సినిమా దాకా విని, ఇంగువ మరిచిపోయి, వీధిలోకి పరుగెత్తింది.

"రుక్మిణక్కా! నీ కోడలు శెట్టికి చీటీ రాసి పంపించుండాది. సినిమాకు అత్త వద్దంట!"

ఇది ఆమె మొదట చెప్పాలనుకున్న మాట. దారిలో ముగ్గురు అడిగారు, ముగ్గురికీ చెప్పింది, చెప్పిన కొద్దీ పెరిగింది. ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి అది, "అత్తతో ఉండలేనని నీ కోడలు కొట్లో అందరి ముందరా చదివించింది" అయింది.

రోలు దగ్గర వనజాక్షి చేతిలో పొత్రం నిలిచిపోయింది. రుక్మిణమ్మ లేచి, కుప్పమ్మకు మంచినీళ్లిచ్చింది. అరిచి ఉంటే వనజాక్షికి అంత భయం వేసేది కాదు.

ఇంతలో తోపుడుబండి వచ్చింది. కందిపప్పు లేదు, చింతపండు లేదు, మంచినూనె లేదు. కర్పూరం డబ్బాలు, పసుపు పొట్లాలు, అరటాకులో చుట్టిన చామంతిపూలు, ఇంకా పొగలు కక్కుతున్న బోండాల బుట్ట దిగాయి. పైన పట్టీ, దాని మీద శెట్టి ఎర్ర పెన్సిలు రాత. రుక్మిణమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, వాకిట్లో నిలబడి చదివింది.

"పూలు నాలుగు మూరలు, అందులో రెండు కొసరు. బోండాలు నాలుగు ఒక సంసారానికి చాలవు గనుక ఇరవై. కిటికీ సీటు, పోర్టరు కుప్పుస్వామికి చెప్పడమైనది, తుండు వేసి ఉంచును. సముద్రం మా కొట్లో లేదు, మద్రాసులో దొరుకును. నవ్వు ఇంట్లోనే చూసుకోవలెను. సినిమా..." ఇక్కడ రుక్మిణమ్మ ఊపిరి పీల్చుకుంది. "సినిమా, అత్తగారిని అడిగి పంపబడును."

భూమి చీలితే బాగుండునని వనజాక్షి చూస్తుండగా వీధి మలుపులో తాళాలు మోగాయి. శివప్రకాశం హార్మోనియం మెడకు తగిలించుకుని, వెనక తన భజన జమా పంతొమ్మిది మందితో వచ్చి, వాకిట్లో చేతులు జోడించాడు.

"అమ్మా, మొక్కు సంగతి విన్నాం. మీరేం కవలపడొద్దండి. మెట్టుకొక పాట పాడేది మా పూచీ."

సరిగ్గా అప్పుడే లోకనాథం కొత్త క్షవరంతో, తడి జుట్టుతో ఇంటికి వచ్చి, తన వాకిట్లో హార్మోనియం ఎందుకుందో అర్థంకాక నిలబడ్డాడు. వనజాక్షి అతన్ని వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఏమండీ, నేను మీకు రాసిందాన్ని చదివి కూడా కొట్లో ఇచ్చినారా?"

"అది... సరుకుల చీటీ కదా?"

"అందులో సముద్రం అని ఉండాది! సముద్రం ఎవరైనా తూకానికి తెస్తారా?"

లోకనాథం కొత్తగా కత్తిరించిన మెడ తడుముకున్నాడు. ఏడు నెలలుగా దాచిన మాట బయటికి వచ్చింది. "వనజా, నాకు తెలుగు చదివేదానికి రాదు. మా బళ్లో అంతా తమిళమే."

"పెళ్లిచూపుల్లో మా నాయన అడిగితే, పేపరంతా చదువుతాడని చెప్పినారే!"

"చదువుతా. తమిళ పేపరు."

వనజాక్షికి తన తెలుగు వారపత్రికలు గుర్తొచ్చాయి. ప్రతి ఆదివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివేవాళ్లు. తను పేజీ చివరికి వచ్చి ఊపిరి వదిలినప్పుడే అతను తిప్పేవాడు. ఇద్దరి మనసులూ ఎంతగా కలిశాయోనని ఆమె ఎన్నిసార్లు మురిసిపోయిందో!

ఆ తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. కొత్త కోడలు ఆడినెలలో, అంటే తమిళుల ఆషాఢంలో, అత్తగారింట్లో ఉండకూడదని ఆమెను నగరికి, పుట్టింటికి పంపించారు. ఆ ముప్ఫై ఒక్క రోజుల్లో అతనికి తొమ్మిది ఉత్తరాలు రాసింది. తొమ్మిదింటికీ తెలుగులో జవాబులు వచ్చాయి. ఒకదాన్ని దిండు కింద పెట్టుకుని నిద్రపోయేది. 'నువ్వు లేవని మరిచి రోజూ రెండు లోటాల కాఫీ కలుపుతున్నారు. రెండోది నేను తాగడం లేదు, చూస్తున్నాను' అని అందులో ఉంది.

"మరి నా ఉత్తరాలు యాడ చదివించినారు? ఎవరు చదివినారు?"

"నేనే," అంది రుక్మిణమ్మ వంటింటి వాకిలి దగ్గర నిలబడి.

పళ్ళిపట్టులో రుక్మిణమ్మ తండ్రి మగ్గం పక్కన కూర్చోబెట్టి కూతురికి తెలుగు నేర్పించాడు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగింది ఆమె ఒక్కతే. వనజాక్షికి తను రాసినవన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. 'మీ అమ్మగారి గురక గూడ్సుబండి మాదిరి ఉంటుంది, ఇక్కడ ఆ బండి లేక నిద్ర రావడం లేదు.' 'సాంబారులో అన్ని మిరపకాయలు ఎందుకో.' 'ఆదివారం మధ్యాహ్నం రేడియో పాటలు వినాలని నాకెంతో ఆశ, అత్త కట్టేస్తారు.'

"అన్నీ గట్టిగా చదివినా," అంది రుక్మిణమ్మ. "గూడ్సుబండి కూడా. వీడు నవ్వి నవ్వి పొరబోయినాడు."

"మరి జవాబులు?"

"వీడు చెప్పేది రెండే ముక్కలు. నేను క్షేమం, నువ్వు క్షేమమా అని. దాన్ని చూస్తే నాకే జాలేసింది. మీ మామ చీరల మూట ఎత్తుకోని ఊరూరా తిరిగినాడు, పోయేదాకా ఒక్క కార్డు ముక్క రాసింది లేదు. రాసుంటే ఎట్లా ఉండునో అని, మిగిలింది నేనే రాసినా." ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "కాఫీ మాట మాత్రం నిజం. రెండు లోటాలు కలిపేది నేను, చూస్తా కూర్చునేది వీడు."

వనజాక్షి అప్పుడు ఏడు నెలల్ని వెనక్కి తిప్పి చూసుకుంది. ఆడినెల దాటి వచ్చేసరికి అత్త పడక నడిమింట్లోంచి వీధి వసారాలోకి మారి ఉంది, 'గాలి కావాల' అన్న సాకుతో. సాంబారులో కారం తగ్గింది. ఆదివారం మధ్యాహ్నం రేడియో దానంతటదే పాడుతోంది. అదంతా తన అదృష్టమనుకుంది.

"అత్తా..." అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడిచేది తర్వాత చూసుకో. సీక్రం తల దువ్వుకో, పూలు వాడిపోతాయి." రుక్మిణమ్మ వాకిట్లోకి వెళ్లి, గొంతు పెంచింది. "శివప్రకాశం! మొక్కు నాది. నేను రైల్లో ముందర పెట్లో మీతో వస్తా. పిల్లోళ్లు వెనక పెట్లో వస్తారు, ఆడ వాళ్లకు సీటు వేసిపెట్టుండారు. కుప్పమ్మా, నువ్వూ రా. బోండాలు పట్టుకో. నాలుగు తీసి ఆ అమ్మాయికియ్యి, నిలబడి తినాలంట."

ఆ సాయంత్రం తిరుత్తణి కొండ మీద ఒక చిత్రం జరిగింది. రుక్మిణమ్మ జమా ముందు వెళుతూ మెట్టుకో కర్పూరం వెలిగించింది. మోకాలు నొప్పని ఏడు నెలలుగా మిద్దె మీదికి ఎక్కని మనిషి మెట్టు మెట్టుకూ వంగి లేచింది. నూరు మెట్లు వెనకగా, చిన్న చిన్న మంటల వరస వెంబడి, ఇద్దరే ఎక్కుతూ వచ్చారు.

"జనవరి పన్నెండు. మీరు యాడ ఉండారు?"

"ఆఫీసులో."

"మార్చి ఏడు?"

"ఆఫీసులో."

నూట పదో మెట్టు ఏప్రిల్ ఇరవై, పెళ్లిచూపులు. ఆ రోజు తను కేసరిలో చక్కెర వేయడం మరిచిపోయిందనీ, అతను రెండోసారి అడిగి తిన్నాడనీ వనజాక్షి జ్ఞాపకం చేసింది. నూట యాభై అయిదో మెట్టు మీద అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నూట తొంభై ఎనిమిదో మెట్టు దగ్గర ఆమె చెయ్యి విడిపించుకుంది.

"ఇక్కడ ఆడినెల మొదలు. ముప్ఫై ఒక్క మెట్లు మీరు ఆ పక్క, నేను ఈ పక్క."

లోకనాథం నిజంగానే ఆ చివరకు వెళ్లి, ఎవరో అపరిచితుడిలాగా ముఖం పెట్టుకుని ఎక్కాడు. ఆ ముప్ఫై ఒకటీ దాటిన మెట్టు మీద అతను నవ్విన నవ్వుకు, పట్టీలోని చివరి సరుకు కూడా చేరినట్టే అనుకుంది వనజాక్షి. మూడు వందల మూడో మెట్టు నగరిలో తలదీపావళి, పెళ్లయ్యాక మొదటి దీపావళి, అతని కొత్త పంచెకు మతాబు నిప్పు పడి చిల్లు పడిన రోజు. ఆ చిల్లును పెద్ద సంపదలాగా ఇద్దరూ తడిమి తడిమి చెప్పుకున్నారు.

చివరి మెట్టు మీద రుక్మిణమ్మ కాళ్లు చాపి, కుప్పమ్మ భుజానికి ఆనుకుని గురక పెడుతోంది. హార్మోనియం ఆపేసి కూర్చున్న జమా భక్తిగా వింటోంది.

"కొత్త సంవత్సరంలో నాకు తెలుగు నేర్పిస్తావా?" అన్నాడు లోకనాథం.

వనజాక్షి నేర్పించింది. మరుసటి ఏడు ఆమె పురిటికి నగరి వెళ్లినప్పుడు అతను మొట్టమొదటిసారి సొంతంగా తెలుగులో ఉత్తరం రాశాడు. మూడు సాయంత్రాలు పట్టిందట. 'నేను క్షేమం. నువ్వు క్షేమమా. ఇక్కడ వాన' అని ఉంది. దాని కింద, కార్డులో మిగిలిన చోటంతా వేరే చేతిరాత: 'వీడికి ఇంతే వచ్చును. నీ దిండు మీద పిల్లి పడుకుంటున్నది. తరమడానికి నాకు మనసు రాలేదు.'

వనజాక్షి ఆ రోజే తొమ్మిది పేజీల జవాబు రాసింది, అత్తకు.