బెల్‌బాటం చేసిన మేలు

బెల్‌బాటం పాంటు మన జాతికి వరం! కోప్పడకండి. ముందు వినండి.

మీ వీధి ఎవరు ఊడుస్తున్నారు? మునిసిపాలిటీ వారనుకుంటున్నారా? పాపం, ఎంత అమాయకులు! మన తెనాలిలో కాలేజీ కుర్రాళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిచి వెళ్ళారంటే రోడ్డు మీద గడ్డిపరక మిగలదు. పైగా వాళ్ళు జీతం అడగరు, సమ్మె చెయ్యరు.

సైకిలు ప్రమాదాలు ఎందుకు తగ్గాయో ఎప్పుడైనా ఆలోచించారా? బెల్‌బాటం చైనులో చిక్కుకోవడం వల్ల ఏ కుర్రాడూ వంద గజాలకు మించి తొక్కలేకపోతున్నాడు కనుక! పిన్నీసు పెట్టిన చెప్పుల పరువు కాపాడుతున్నది ఎవరు? బెల్‌బాటమే! మా పక్కింటివారి పిల్లికూన రెండు రోజులు కనబడకపోతే వీధి వీధీ గాలించారు. చివరికి అది వాళ్ళబ్బాయి ఎడమకాలి పాంటులో హాయిగా నిద్రపోతూ దొరికింది.

ఇంత మేలు చేస్తున్న వస్త్రాన్ని పెద్దలు తిడుతున్నారు! అందరికంటే ఎక్కువగా తిట్టినవారు గంగానమ్మపేట పూర్ణచంద్రరావు గారు. ఆయన్నే నా సాక్షిగా ప్రవేశపెడుతున్నాను.

పూర్ణచంద్రరావు గారికి అరవై ఆరేళ్ళు. చెరుకుపల్లి దగ్గర మాగాణి, తెనాలిలో సొంతిల్లు. గంజిపెట్టిన పంచె, జరీ అంచు కండువా లేకుండా ఆయన వీధి గుమ్మం దాటి ఎరగరు. ఆయన మనవడు ఉదయభాస్కర్ రెండేళ్ళ కిందట టైలరు లాజరు చేత ముప్ఫై అంగుళాల బెల్‌బాటం కుట్టించుకుని, అది తొడుక్కుని నేరుగా అరుగు మీదికి వచ్చాడు. అరుగు మీద తాత పక్క చోటు పుట్టిన దగ్గర్నుంచీ వాడిదే. ఆ రోజూ అక్కడే కూర్చోబోయాడు.

తాతగారు గభాలున లేచారు. పేపరు చదవడానికి వచ్చిన సుబ్బరామయ్య గారి ఎదుటే ప్రతిజ్ఞ చేశారు.

"ఆ గుడారం తొడిగినవాడి పక్కన కూచున్నానా, నా పేరు పూర్ణచంద్రరావే కాదు!"

మనవడు మాత్రం తక్కువ తిన్నాడా? ఆ తాతకు మనవడే కదా! మర్నాడు అదే గుడ్డలో ఇంకో రెండు కుట్టించాడు. అప్పటినుంచి తాతది అరుగుకి ఈ కొస, మనవడిది ఆ కొస. భోజనాల దగ్గర మధ్యలో రెండు పీటలు ఖాళీ. మాటలన్నీ నాయనమ్మ కోటేశ్వరమ్మ గారి ద్వారానే నడిచేవి. "మీ తాతను ఆ మజ్జిగ ఇటు ఇమ్మను నాయనమ్మా" అని వాడంటే, "లేదని చెప్పు" అని ఆయన అనేవారు. చెవులు రెండు ఉన్నందుకు కోటేశ్వరమ్మ గారు దేవుడికి దణ్ణం పెట్టుకునేవారు.

కిందటి ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఈ కుటుంబం సూర్యలంక సముద్రానికి బయలుదేరింది. తాత, నాయనమ్మ, ఉదయభాస్కర్, వాడి చెల్లెళ్ళు హైమ, శశిరేఖ. ఆడపిల్లలిద్దరికీ పదేళ్ళ లోపు. వాళ్ళ గోల భరించలేకే పెద్దాయన ఒప్పుకున్నారు. పులిహోర క్యారియరు, అరిసెల డబ్బా, మరచెంబు, మార్చుకోవడానికి కోటేశ్వరమ్మ గారి చిలకపచ్చ చీర. ఆయన మాత్రం అదనంగా ఏ బట్టా తెచ్చుకోలేదు. ఒడ్డున కూర్చుని చూసే పెద్దమనిషికి బట్టలెందుకు?

బాపట్ల దాకా ప్యాసింజరులో ప్రతిజ్ఞ దివ్యంగా అమలు జరిగింది. తాతగారు కిటికీ దగ్గర. మనవడు తలుపు దగ్గర నిలబడి, ఒక్కో కాలి పాంటులో నిండా గాలి పోసుకుని, చుండూరు నుంచి అప్పికట్ల దాకా జెండాలా ఎగిరాడు. మధ్య మధ్య తాతగారు వాడు పడిపోతాడేమోనని తొంగిచూడటం, వాడు ఇటు తిరగ్గానే పొలాలు చూస్తున్నట్టు నటించడం కోటేశ్వరమ్మ గారు గమనించారు.

సముద్రం కనబడగానే ఆడపిల్లలకు పిచ్చెక్కింది! ఒకతి నవ్వుతుంది, ఒకతి కేకలు పెడుతుంది. అల వస్తే పారిపోతారు, అల పోతే వెంటపడతారు. హైమ ఒక పీతను పట్టుకుంది. దాన్ని ఇంటికి తీసుకుపోవాలి కదా! తాత భుజం మీద కండువా లాగి అందులో మూటకట్టేసింది. ఉదయభాస్కర్ సరుగుడు తోపు దగ్గర బెల్‌బాటం విప్పి, మడతపెట్టి, లోపల వేసుకొచ్చిన ఖాకీ నిక్కరుతో నీళ్ళలోకి దూకాడు. అది తొమ్మిదో తరగతి నాటి నిక్కరు.

"తాతయ్యా, పాదాలు ఒక్కటే! పాదాలు ఒక్కటే తడుపుకో!" అని చెల్లెళ్ళు చెరో చెయ్యీ పట్టి లాగారు.

ఆయన పంచె ఎగ్గట్టి పాదాలు తడుపుకున్నారు. బాగుంది. పిక్కలు తడుపుకున్నారు. ఇంకా బాగుంది! మోకాళ్ళ దాకా వెళ్ళి, చుట్టూ చూసి, తెలిసినవాళ్ళెవరూ లేరని తేల్చుకుని ఒక్క గెంతు గెంతారు. రెండో గెంతుకి ఓ పెద్ద అల వచ్చి, పెద్దాయనను బోర్లా పడేసి, పంచె పట్టుకుని వెళ్ళిపోయింది.

పాతకాలపు మనిషి. నడుము కింద పంచె ఒక్కటే ఆయనకు ఆధారం! మెడ దాకా నీళ్ళలో కూర్చుండిపోయారు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఒడ్డున జనం ఆయన జపం చేస్తున్నారనుకుని దణ్ణాలు పెట్టడం మొదలుపెట్టారు.

"ఏవండీ, నా పచ్చ చీర ఉంది. కట్టుకుంటారా?" అని కోటేశ్వరమ్మ గారు అరిచారు.

"నోరుముయ్యి! కండువా తెప్పించు!"

కండువాలో పీత ఉంది. ఆ మూట విప్పే మగధీరుడెవరు? సముద్రపు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పేరమ్మ అనే జాలరి ఆవిడ పరిస్థితి గ్రహించి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది.

"లుంగీ ఇద్దామంటే మా మొగోళ్ళంతా చేపల ఏటకి పోయారు బాబాయిగారో! ఈ వల చుట్టుకుంటారేంటి?"

ఆయన పెదవులు నీలంగా మారాయి. పొద్దు వాలుతోంది, సాయంత్రం బండి వేళవుతోంది.

అప్పుడు ఉదయభాస్కర్ సరుగుడు తోపు వైపు చూశాడు. ఆ తోపు పక్కనే వాడి కాలేజీ అమ్మాయిలు డజను మంది కూర్చుని వేరుశనగకాయలు తింటున్నారు. పాంటు ఇచ్చేస్తే తొమ్మిదో తరగతి నిక్కరుతో వాళ్ళ ముందు నుంచే నడవాలి. తెనాలి దాకా అలాగే పోవాలి. రేపు కాలేజీలో బతకనిస్తారా? మీరైతే ఏం చేసేవారు?

వాడు పరుగెత్తి వెళ్ళి పాంటు తెచ్చాడు. నెత్తిన పెట్టుకుని, నడుము లోతు నీళ్ళలో నడిచివెళ్ళి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి తాతతో సూటిగా మాట్లాడాడు.

"వేసుకో తాతయ్యా. చలికి చచ్చిపోతావు."

పూర్ణచంద్రరావు గారు పాంటు వంక చూశారు. నిక్కరు వంక చూశారు. చెయ్యి చాపి తీసుకున్నారు.

ఆయన ఒడ్డుకి రావడం చూసినవాళ్ళు ధన్యులు! ఒక్కో పాంటు కాలిలో రెండేసి బిందెల సముద్రం. అడుగేస్తే గుబగుబలాడుతూ నీళ్ళు కారాయి, కుడికాలు విదిలిస్తే ఓ చేపపిల్ల జారిపడింది. ఆడపిల్లలు ఇసుకలో దొర్లి దొర్లి నవ్వారు. పొట్ట దగ్గర బొత్తాం అందకపోతే పేరమ్మ ఒక వల తాడు తెంపి ఇచ్చింది. దాంతో బిగించి, పైన లాల్చీ దించి, ఆయన తల ఎత్తుకుని నడిచారు. పక్కనే నిక్కరుతో మనవడు తల దించుకుని నడిచాడు.

బాపట్లలో రైలెక్కితే ఎదురుగా ఎవరు? సాక్షాత్తూ సుబ్బరామయ్య గారు! చీరాల నుంచి వస్తున్నారు. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"బావగారూ... ఏంటండీ ఇది?"

"గాలి బాగా ఆడుతుందండి" అన్నారు పూర్ణచంద్రరావు గారు.

ఉదయభాస్కర్ అలవాటు కొద్దీ తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. తాతగారు కిటికీ దగ్గర నుంచి పక్కకి జరిగారు.

"రారా, ఇక్కడ కూచో."

"మరి నీ ఒట్టు?"

"నిక్కరు పక్కన కూచోనని నేనెప్పుడన్నాను?"

వాడు వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. నిడుబ్రోలు రాకముందే తాత భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆయన ఆ భుజం కదపలేదు. చుండూరు దాటాక భార్యతో మెల్లగా అన్నారు.

"వీడు నా పక్కన కూచుని రెండేళ్ళయిందే."

"వద్దంది మీరే కదండీ" అన్నారు కోటేశ్వరమ్మ గారు.

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఉప్పునీళ్ళ మంట అని సుబ్బరామయ్య గారికి చెప్పారు.

అయ్యా, చూశారుగా! పాంట్లు వెడల్పని, జుట్టు పొడుగని మనం రోజూ వేసే కేకలన్నీ దేనికోసమో నాకు తెలియదు. పూర్ణచంద్రరావు గారి కేకలు మాత్రం అరుగు మీద ఖాళీ అయిన ఆ మూరెడు చోటు కోసమే. ఆ సంగతి చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. బెల్‌బాటం తొడిగితే గాని రాలేదు!

ఇప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది. పెట్టిన వడియాలు గంటలో ఎండిపోతున్నాయి. ఉదయభాస్కర్ రోజూ నిక్కరుతోనే అరుగు మీదికి వచ్చి, తాత పక్కన కూర్చుని, నా పాంటేది తాతయ్యా అని అడుగుతున్నాడు. మిగతా రెండు పాంట్లూ ఏమయ్యాయో వాడూ అడగడు, ఆయనా చెప్పరు.

"ఇంకా ఆరలేదురా" అంటున్నారు పూర్ణచంద్రరావు గారు.